చింతపండు ల్యాప్‌టాప్

ఆ సోమవారం పొద్దున మాధవీలత వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కిలోంబావు చింతపండును పలకలాగా అదిమి, కవర్లో చుట్టి, భుజాన తగిలించుకుని ధర్మవరం నుంచి హిందూపురం దాకా ప్యాసింజరు బండిలో పోవాలి. సాయంత్రం అదే చింతపండును భద్రంగా ఇంటికి తేవాలి. వారం పాటు ఇదే పని.

మాధవీలత హిందూపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. పెళ్లయి మూడు నెలలు. భర్త వెంకటేష్ ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఆఫీసు వదిలేసరికి సాయంత్రం బండి వెళ్లిపోతుంది గనుక హిందూపురంలోనే హాస్టల్లో చేరమని మేనేజరు సాయినాథ్ సలహా. హాస్టల్లో ఉండటానికా ఆమె పెళ్లి చేసుకుంది? బతిమాలగా బతిమాలగా ఆయన కాస్త మెత్తబడ్డాడు. రెండు పూటలా రైల్లో పని చేసి చూపిస్తే నాలుగింటికే వదిలేస్తానన్నాడు. అందుకోసం ఆఫీసు ఖర్చుతో ఒక ల్యాప్‌టాప్ కొనిస్తానన్నాడు. దాని బరువు కిలోంబావు. కిలో కూడా తూగనిది ఇంకొకటి ఉంది గానీ, దాని ధర చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కిలోంబావు మోయలేరా మేడం? మోయలేకుంటే కారణం చూపించి చెప్పండి. ఈ వారం ఊరికే నాలుగింటికి వదులుతా, శనివారం ఆర్డరు పెట్టేస్తా" అన్నాడు.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక జబ్బుంది. పరీక్ష చేయనిదే దేన్నీ నమ్మరు. తన భుజాన్ని కూడా మాధవీలత నమ్మలేదు. అందుకే ఈ చింతపండు.

"హిందూపురానికి చింతపండు మోసుకోని పోతాండావా? ఊర్లకంతా చింతపండు అమ్మే ఊరే అది! బరువే గదా కావాల్సింది, బియ్యం పోసుకోని పోరాదా?" అంది అత్త సావిత్రమ్మ.

"బియ్యం ఒళ్లో నిలవవత్తా. ల్యాప్‌టాప్ మాదిరి పలకగా ఉండాల."

సావిత్రమ్మకు కోడలి చదువు మీద గౌరవం ఉంది. అందుకని మంచి కరిపులి రకం చింతపండు, గింజ, ఈనె లేకుండా ఒలిచింది తీసి, రెండు పీటల మధ్య పెట్టి మీద తానే కూర్చుంది.

ప్యాసింజరు ధర్మవరంలోనే నిండిపోతుంది. తువ్వాలు వేసిన వాడిదే సీటు. మాధవీలత తలుపు పక్కన ఒరిగి, పలకను ఎడమ చేతి మీద ఆనించుకుని, కుడిచేతి వేళ్లతో దాని మీద టైపు చేసి చూసింది. ఎదురు సీట్లో ఆంజనేయులు అనే పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. రోజూ ధర్మవరం నుంచి పోయి హిందూపురం మండిలో చింతపండు దళారీగా పని చేసే మనిషి. ఒక ఆడమనిషి వేళ్లతో చింతపండును అంత శ్రద్ధగా తడమడం అతను ఈ ముప్పయ్యేళ్లలో చూడలేదు.

"ఏమమ్మా, యాడిది సరుకు?"

"సరుకేం కాదన్నా. ల్యాప్‌టాప్ కొనాల. దాని బరువు మోయగలనో లేదో చూసుకుంటాండా."

ఆంజనేయులు ముసిముసిగా నవ్వాడు. ఉన్న సరుకును లేదనడం, లేని సరుకును ఉందనడం అతని వృత్తి. ఇంత తెలివైన అబద్ధం మాత్రం ఎప్పుడూ వినలేదు. వెంటనే లేచి కిటికీ సీటు ఆమెకిచ్చాడు.

"కూర్చో తల్లీ. ఒక రవ్వ నోట్లో వేసుకుంటా, ఏమనుకోవాకు."

సీటిచ్చిన మనిషిని కాదనలేం కదా. అతను రవ్వ అన్నాడు గానీ, తీసుకున్నది నిమ్మకాయంత. పెనుకొండలో ఎక్కిన పోతులయ్యకు కూడా రుచి చూపించాడు. పోతులయ్యకు చింతపండు గోదాము ఉంది. అతను కళ్లు మూసుకుని చప్పరించి, "అబ్బా! ఏం పులుపప్పా!" అని, పక్కవాడికీ కాస్త తుంచి ఇచ్చాడు.

మంగళవారం మాధవీలత ఎక్కేసరికి కిటికీ దగ్గర ఆమె పేరున తువ్వాలు పడి ఉంది. ఈ జిల్లాలో మనుషులు ఎంత మంచివాళ్లో అనుకుంది. ఆ మంచివాళ్లు అప్పటికే లెక్కలు కడుతున్నారు. పొద్దున శాంపులు తెస్తుంది, సాయంత్రం తీసుకుపోతుంది, ఏ మండిలోనూ చూపించదు. అంటే సరుకు దాచి రేటు కోసం కాచుకుని ఉంది. మంగళవారం అది రెండు లారీల సరుకు. బుధవారానికి ఇరవై లారీలయింది. గురువారానికి తాడిమర్రి నుంచి పుట్టపర్తి దాకా ఉన్న గోదాములన్నీ ఆమెవే. అంత సరుకు ఒక్కసారిగా మండిలో పడితే మన గతేమిటని, నిల్వలున్న వాళ్లు తెగనమ్మడం మొదలుపెట్టారు. రోజూ రుచి చూడటం మాత్రం ఎవరూ మానలేదు.

ఇదేమీ మాధవీలతకు తెలియదు. తెలిసిందల్లా రోజురోజుకీ సంచి తేలికగా అనిపిస్తోందన్న సంగతి.

"నాకు అలవాటైపాయ. భుజం మీద ఉందో లేదో కూడా తెలీలేదు" అని గురువారం రాత్రి భోజనాల దగ్గర మొగుడికి సంతోషంగా చెప్పింది.

శుక్రవారం ఆఫీసులో అడుగు పెట్టగానే, కిలోంబావుది చాలని సాయినాథ్‌కు చెప్పబోయింది. ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"మేడం, మా మామకు మండిలో అంగడి ఉంది. ఎవరో ధర్మవరం సాఫ్ట్‌వేరమ్మ సరుకు దించుతోందని నిన్న సగం నిల్వ అగ్గువకు అమ్మేసుకున్నాడు. ఎవరా అని ఆరా తీస్తే మీ పేరు చెప్పారు. రైల్లో మీరు చేసే పని ఇదా? ల్యాప్‌టాప్ లేదు, ఏమీ లేదు. సోమవారం నుంచి హాస్టల్లో ఉండండి."

మాధవీలతకు ఏడుపొచ్చింది. వెంకటేష్‌ను ఆదివారం ఆదివారం చుట్టం లాగా చూడటం తలుచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది. సంచి తీసుకుని, "రండి సార్" అని ఆయన్ను పక్క వీధిలోని మండికి నడిపించింది. సాయినాథ్ మామ తన అంగట్లోనే ఉన్నాడు, ఆయన పక్కన ఆంజనేయులు, పోతులయ్య కూర్చుని ఉన్నారు.

"అన్నా, ఇది ల్యాప్‌టాప్ బరువు కోసమని నీకు మొదటి రోజే చెప్పినానా లేదా?"

"చెప్పినావు తల్లీ. నిజం ఎవరన్నా రైల్లో చెప్తారా?" అన్నాడు ఆంజనేయులు బాధగా.

"కావాలంటే తూయండి. సరిగ్గా కిలోంబావు ఉంటాది, నేను కొనబోయే ల్యాప్‌టాప్ అంత!"

పలకను కాటా మీద పెట్టారు. ముల్లు తొమ్మిది వందల గ్రాముల దగ్గరికి కూడా పోలేదు. మాధవీలత కాటాను చూసింది. సాయినాథ్ మాధవీలతను చూశాడు.

"మిగతాది ఏమైంది?" అన్నాడాయన.

ఆంజనేయులు పైకప్పు చూడసాగాడు. పోతులయ్య నాలుకతో పళ్లు తడుముకుంటూ అటు తిరిగాడు.

సాయినాథ్ కూడా ఒకప్పుడు ప్రోగ్రాములు రాసినవాడే. "అంటే మీకు అలవాటు కాలేదు మేడం, బరువు తగ్గింది. మీ భుజం హాయిగా మోసింది కిలోలోపే" అన్నాడు నెమ్మదిగా. కారణం చూపించమన్నది ఆయనే. కారణం కాటా మీద ఉంది.

ఇదంతా విన్న మామ లేచి బయటికి వెళ్లాడు. సరుకూ లేదు, లారీలూ లేవని మండిలో మొదట తెలిసింది ఆయనకే. గంటలోపు, పోయిన నిల్వకు రెట్టింపు సరుకు చవగ్గా కొనేసి, అల్లుడికి ఫోన్ చేశాడు. "ఆ పాప ఏది అడిగితే అది కొనియ్యప్పా!"

వారం తిరిగేసరికి తేలికైన ల్యాప్‌టాప్ వచ్చింది. సోమవారం మాధవీలత దాన్ని సంచిలో పెట్టుకుని గాల్లో తేలినట్టు రైలెక్కింది. కిటికీ దగ్గర తువ్వాలు లేదు.

"సరుకు తేలేదా తల్లీ?" అన్నాడు ఆంజనేయులు.

"లేదన్నా. ల్యాప్‌టాప్ వచ్చేసింది గదా."

అతను మంచిదమ్మా అని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. మాధవీలత ఒక చేత్తో కమ్మీ పట్టుకుని హిందూపురం దాకా నిలబడింది. సాయంత్రమూ అంతే. సంచి విప్పే సందు దొరకలేదు. మర్నాడు కూడా పని కనబడకపోయేసరికి, హాస్టల్లో మంచం ఇంకా ఖాళీగానే ఉందట అన్నాడు సాయినాథ్.

బుధవారం ఆమె భుజాన సంచి మళ్లీ ఉబ్బెత్తుగా కనిపించింది. ఆంజనేయులు చప్పున లేచి తువ్వాలు దులిపాడు. సరుకు లేదని అతనికి తెలుసు. అయినా మళ్లీ తెచ్చిందంటే ఏదో ఉండే ఉంటుందని పెనుకొండలో పోతులయ్య చెవిలో ఊదాడు. మాధవీలత కిటికీ పక్కన కూర్చుని, వాళ్లు చింతపండు తుంచుకుంటూ ఉండగా హాయిగా ప్రోగ్రాం రాసుకుంది. నాలుగింటికే ఆఫీసు వదిలి, చీకటి పడకముందే మొగుడి పక్కన కూర్చుని టీ తాగింది.

ఇప్పుడు ఆమె సంచి రెండు కిలోలకు పైనే తూగుతుంది. అందులో ల్యాప్‌టాప్ మాత్రం చాలా తేలిక.