ఎనిమిది గంటల రసీదు

చాలా ఏళ్లుగా నాకొక సందేహం ఉండేది. మనియార్డరు పంపితే అవతలివారి సంతకంతో చీటీ తిరిగి వస్తుంది. కరెంటు బిల్లు కడితే ముద్ర కొట్టి ఇస్తారు. పట్టుబట్ట కట్టి రెండు పూటలా నేను చేసే పూజ చేరవలసిన చోటికి చేరినట్టు మాత్రం ఇంతవరకూ ఏ కాగితమూ రాలేదు. అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో గుమస్తాగా జుట్టు నెరిసినవాణ్ణి, రసీదు లేని సరుకు మీద నాకు నమ్మకం తక్కువ. పెద్దలను అడిగితే, భక్తిలో రసీదు అడగకూడదన్నారు. హుండీ పక్కన మాత్రం వాళ్లు రసీదు పుస్తకం పెట్టుకునే కూర్చున్నారు.

ఈ సందేహం నిరుడు, రెండువేల ఎనిమిదిలో తీరింది.

మా వీధికి సెల్‌ఫోను మొదట వచ్చింది మా ఇంటికే. మా బావమరిది మస్కట్ నుంచి పంపాడు. అప్పటినుంచి ఫోను లేనివాళ్లంతా ఎక్కడ నెంబరు అడిగినా నాదే ఇచ్చి, పక్కన ‘పీపీ’ అని, అంటే పక్కింటి ఫోనని, రాయించేవారు. ఫోను ఎవరికి వస్తే వాళ్లను కేకేసి పిలవడం నా వంతు. ఎవరు ఎక్కడ ఇచ్చారో నేను అడగలేదు. అడగడం మర్యాద కాదు.

ఒక సాయంత్రం ఎనిమిదింటికి, హారతి ఇచ్చి గంట కింద పెట్టానో లేదో, ఫోను మోగింది. తియ్యని ఆడగొంతు. “నమస్కారం. సమయం ఎనిమిది గంటలు. మీరు చేయవలసిన పని ఏమిటో మీకు తెలుసు. చేసి ఉంటే ఒకటి నొక్కండి. చేయకపోతే రెండు నొక్కండి.”

ఒకటి నొక్కాను.

“సంతోషం. మీ సమాధానం నమోదైంది. ఈ నిష్ఠ ఇలాగే కొనసాగించండి.”

నా కళ్లు చెమర్చాయి. నమోదైంది!

పాఠకులు నాకంటే తెలివైనవారు. కనుక దాచడం అనవసరం. ఆ ఫోను హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వేళకు మాత్ర వేసుకునేలా గుర్తుచేయడానికి పెట్టిన ‘చరవాణి చేయూత’ పథకం వారిది. మాత్ర తప్పితే మందు పట్టు సడలిపోతుందట, తరవాత వేసుకున్నా పనిచేయదట. రోగం పేరు గాని, మందు పేరు గాని, మనిషి పేరు గాని ఫోనులో వినపడకూడదని నిబంధన. గోప్యత ఎంత చక్కగా పాటించారంటే, రోగికి కూడా ఫోను వెళ్లలేదు. మా వీధిలో ఎవరో నా నెంబరు ఇచ్చారు. వారి ప్రాణం ఆ మాత్రల మీద ఉంది. నేను ఒకటి నొక్కుతున్నాను.

మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి పూజ ఖాయం చేశాను. ఫోనును దేవుడి గూట్లో పెట్టాను. ప్లాస్టిక్కుకు మైల ఉంటుందా లేదా అన్న దానిమీద మా ఆవిడ ఉమామహేశ్వరి, నేను ఒక పూటంతా చర్చించి, పట్టుగుడ్డ మీద పెడితే ఉండదని తేల్చాం. అవతల స్పష్టంగా వినపడాలని గంట మరింత గట్టిగా కొట్టేవాణ్ణి. ఒకసారి జ్వరంతో లేవలేక రెండు నొక్కాను. “పరవాలేదు. ఆలస్యమైనా మానవద్దు, ఇప్పుడే చేయండి” అంది ఆ గొంతు. ఏ గురువు ఇంత ఓర్పుగా చెప్పాడు? దుప్పటి కప్పుకునే లేచి పూజ చేశాను.

రీచార్జి కొట్టు సత్తిబాబు ఈ సంగతి విని వచ్చాడు. లౌడ్‌స్పీకరు పెట్టి వినిపించాను. అతను చెంపలు వేసుకున్నాడు.

“మరి మాకు రావట్లేదేంటండీ గంగాధరంగారూ? మా ఫోను మీదానికంటే ఖరీదండీ!”

“ఫోనును బట్టి రాదు సత్తిబాబూ. అర్హతను బట్టి వస్తుంది.”

“ఆయ్. అలా చెప్పండి” అని తలూపాడు. నా అర్హత మర్నాటికి వీధంతా తెలిసింది. కొందరు ఎనిమిదింటికి కర్పూరం తెచ్చేవారు.

ఆరు నెలలు గడిచాయి. పథకం అధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు అత్యుత్తమ రోగిని స్వయంగా, అతి రహస్యంగా అభినందించాలని బయలుదేరారు. ఆయన జీపు మీద రెండు వైపులా ‘ఎయిడ్స్ నియంత్రణ – గోప్యత మా బాధ్యత’ అని ఎర్రటి అక్షరాలు. పేర్లు రాసుకోకూడదు గనుక వారి దగ్గర ఉన్నది నెంబరు ఒక్కటే. ఆ నెంబరు ఎవరిదని సత్తిబాబు కొట్లో అడిగారు. సత్తిబాబు జీపెక్కి దారి చూపించాడు.

మా అరుగు మీద, వీధి జనం ఎదుట, ఆయన గొంతు తగ్గించి ఉపన్యసించారు.

“మీ పేరు మేము అడగం. అడగకూడదు. మీ ముఖం మేము చూడలేదనే అనుకోండి. ఇంతటి వ్యాధిలో ఉండి కూడా ఒక్క పూట మందు మానని మీరు జిల్లాకే ఆదర్శం! ఒక్కసారి రెండు నొక్కారు. అది మీ నిజాయితీ!”

“మందేమిటండీ? నేను చేసేది పూజ” అన్నాను.

“ఆ ధైర్యమే కావాలి” అని ఆయన శాలువా కప్పారు. గోప్యత కోసం వెనకనుంచి కప్పారు.

జీపు వెళ్లిపోయాక కర్పూరం తెచ్చేవాళ్లు ఆగిపోయారు. పాలావిడ గోడ మీద పాలు పెట్టి కేకేసి పోతోంది. కొట్లో నా టీ కప్పు విడిగా తగిలించడానికి వేరే మేకు కొట్టారు. మా ఆవిడను పేరంటానికి పిలవలేదు. “ఈ వయసులో చూడండి! ఆ పూజలన్నీ ఇందుకేనన్నమాట” అని నా భక్తికి చివరికి ఒక కారణం కనిపెట్టారు. అదృష్టవశాత్తు ఎవరూ నన్ను ముట్టుకోవడం లేదు గనుక కొట్టే ప్రమాదం లేదు.

నేను ఫోను కట్టేశాను. గంట కూడా మానేశాను. దేవుడికి చెవులున్నాయని, గంట లేకపోయినా వింటాడని నాకప్పుడే తోచింది.

నాలుగు రోజులకు పెరటి గోడ అవతలనుంచి వీరాయమ్మ పిలిచింది. వీధిలో ఆడవాళ్లందరి జాకెట్లూ ఆమే కుడుతుంది, ఆ మిషను మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. భర్త ముత్యాలు కామెర్లతో పోయాడని చెప్పింది, నమ్మాం. జాకెట్లు బాగా కుదిరేవి గనుక ఇంకేమీ అడగలేదు.

“పంతులుగారండీ, గంట మానేసేరేంటండీ?”

“గంటతో నీకేం పనమ్మా?”

ఆమె అటూ ఇటూ చూసింది. “ఆ నెంబరు నేనిచ్చేనండి. ఆసుపత్రిలో నెంబరు లేకపోతే కుదరదన్నేరు. ప్రాణం మీదికొస్తే ఫోను చేస్తారేమో అనుకున్నాను. రోజూ రెండు పూటలా మిమ్మల్ని పట్టుకుంటారని నాకేం తెలుసండీ?”

“మరి నీకెవరు గుర్తుచేస్తున్నారు?”

“మీరేనండీ! మీ గంట వినపడగానే వేసేసుకునేదాన్ని. మిషను మీద కూర్చుంటే వేళ తెలీదండి. మొన్న పొద్దుటి మాత్ర మధ్యాహ్నం వేసుకున్నాను. ఇలాగైతే మందు పట్టదని డాక్టరమ్మగారు తిట్టేరు.” గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. “పోనీ, నా పేరు చెప్పేయండి. మీ పరువు మీకొస్తుంది.”

“నీ మిషనో?”

పేరు బయటపడితే ఆ మిషను మీద వీధిలో ఎవరూ జాకెట్టు కుట్టించుకోరని ఇద్దరికీ తెలుసు.

సర్కారు ఫోను చేసింది, నేను గంట కొట్టాను, ఆమె మాత్ర వేసుకుంది. ఇంత పెద్ద యంత్రాంగంలో నేనొక మీటనని, అది కూడా సక్రమంగా పనిచేసిందని తెలిసి కొంత గర్వపడ్డాను. పోనీ, రాంగ్ నెంబరని చెప్పుకుందామా అంటే, నా నెంబరు వాడుకునే ఇళ్లన్నీ వీధికి తెలుసు. ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ సాయంత్రానికల్లా ఆమె గుమ్మం ముందు నిలబడతారు. ఇటువంటి విషయాల్లో మా వీధి పరిశోధన ఏ ఆసుపత్రికీ తీసిపోదు.

ఫోను మళ్లీ పెట్టాను. గంట మళ్లీ కొడుతున్నాను. గోడ అవతల మంచినీళ్ల గ్లాసు చప్పుడు విన్నాకే ఒకటి నొక్కుతున్నాను. ఇది త్యాగమని మా ఆవిడతో అన్నాను. అంత మాట ఆవిడ ఒప్పుకోలేదు. “గంట కొట్టడమేగా” అంది.

నిన్న పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. విప్పితే మా పనసపొట్టు కత్తి. తొమ్మిదేళ్ల కిందట సత్తిబాబు చెల్లెలి పెళ్లికి ఒక్క పూటకని పట్టుకెళ్లాడు. ఎప్పుడు అడిగినా “ఆయ్, రేపు తెచ్చిచ్చేస్తానండీ” అనేవాడు. ఇప్పుడు మా వస్తువు తన ఇంట్లో ఉందని గుర్తొచ్చి నిద్రపట్టలేదు కాబోలు, డెట్టాలుతో కడిగి, పసుపు రాసి, మనిషి కనపడకుండా పెట్టి వెళ్లాడు. తొమ్మిదేళ్లూ వాళ్లు దానితోనే కూరలు తరుక్కున్నారు.

ఉమామహేశ్వరి కత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది. పదును అలాగే ఉంది.

“ఇంకెన్నాళ్లండీ మనకీ వెలి?” అంది.

“తొందరేముంది?” అన్నాను. “మనం ఎరువిచ్చిన పెద్ద నిచ్చెన ఇంకా ఎదురింటి సూర్యనారాయణగారింట్లోనే ఉంది కదా.”