ఐదో పాయింటు

పళ్ళ డాక్టరుగారు ఆ రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి స్పృహ తప్పడం సాధన చేశారు. మొదట తల ఎడమకు వాల్చి చూశారు, నచ్చలేదు. కుడికి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి చూశారు. అది ఎంతో సహజంగా కుదిరింది. వెనక నుంచి భార్య గమనించి, "ఏమండీ, మెడ పట్టేసిందా?" అని అడిగింది. "ఏం లేదు," అన్నారాయన. పెళ్ళయినప్పటి నుంచీ ఏం అడిగినా వచ్చే జవాబు అదే కాబట్టి ఆవిడ రెండోసారి అడగలేదు.

ఈ సాధనంతా క్లినిక్‌లో ఆయన పక్కన నిలబడి పనిముట్లు అందించే అమ్మాయి కోసం. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని గానీ చెయ్యదు కాబట్టి ఆ అమ్మాయికి డాక్టరుగారు 'నిదానం' అని పేరు పెట్టారు. వెక్కిరింతకు పెట్టిన పేరే అందరి నోటా నలిగి, అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది. కిందటి నెల ఒకావిడ మత్తు సూది వేయించుకుని కుర్చీలోనే స్పృహ తప్పింది. ఆ సమయానికి డాక్టరుగారు తన గదిలో తలుపు వేసుకుని ఫోన్లో కబుర్లాడుతున్నారు. తలుపు వేసి ఉంటే పిడుగు పడ్డా తట్టకూడదన్నది ఆయన పెట్టిన నియమం. నిదానం నాలుగు నిమిషాలు ఆ తలుపు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఆవిడ తనంతట తానే తేరుకుంది గానీ, సాయంత్రం ఆవిడ భర్త వచ్చి వీధంతా వినేలా అరిచి వెళ్ళాడు. డాక్టరుగారు నియమం ఊసెత్తకుండా తప్పంతా నిదానం నెత్తిన రుద్దారు. "ఇంకోసారి ఇలా జరిగిందంటే వేరే పని చూసుకో," అన్నారు.

నిదానానికి ఆ పని కావాలి. ఇంటికి దగ్గర, పైగా ఇష్టపడి నేర్చుకున్న పని. కానీ ఉద్యోగం పోతుందన్న బెంగ కన్నా ఆ పేషెంటు పాలిపోయిన పెదవులే ఆమెను ఎక్కువ భయపెట్టాయి. లేవకపోయి ఉంటే ఏమయ్యేది అన్న ఆలోచన నెల రోజులుగా అన్నం ముందు కూర్చున్నా వదల్లేదు. నాలుగు నిమిషాలు నిలబడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంకెప్పుడూ అలా నిలబడనని ఎవరూ అడక్కుండానే గట్టిగా అనుకుంది.

తొమ్మిదింటికి డాక్టరుగారు పాఠం మొదలుపెట్టారు. పేషెంటుకు ప్రాణం మీదికి వస్తే ఎలా గుర్తుపట్టాలో, ఏం చెయ్యాలో ఎనిమిది పాయింట్లుగా స్వహస్తాలతో రాసి, కుర్చీకి ఎదురుగా గోడకు అంటించారు.

"ఒకటి, చెమట. రెండు, ఒళ్ళు వణకడం. మూడు, ఊరికే కోపం. నాలుగు, అన్నమాటే అనడం. అన్నిటికన్నా ముఖ్యం ఐదోది," అంటూ ఎర్ర సిరాతో రెండు గీతలు గీసిన వాక్యాన్ని స్కేలుతో టపటపా కొట్టారు. "'నాకేం కాలేదు, నన్నొదిలెయ్' అంటాడు. నమ్మారో, మనిషి దక్కడు. అలా అన్నాడంటేనే ఏదో అయిందని అర్థం. తెలిసిందా?"

"ఎవరన్నా సరేనా అండీ?" అని అడిగింది నిదానం.

"ఎవరన్నా సరే! ఎంత పెద్దమనిషైనా సరే! నా దాకా కూడా రావద్దు. ముందు అంబులెన్సు, ఆ తర్వాతే నేను. పడుకోబెట్టు, లేవనివ్వకు, ఇంట్లోవాళ్ళకు కబురు చెయ్యి. అంతే."

నిదానం అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది. 'ఎవరన్నా సరే' అన్నది విడిగా రాసి చుట్టూ గీత గీసుకుంది.

పాఠం అయ్యాక డాక్టరుగారు కౌంటరు దగ్గరికి వెళ్ళారు. అక్కడ కూర్చునే అక్కను అందరూ 'రేడియో' అంటారు. ఆమె చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా వీధి చివరికి చేరుతుంది.

"పదకొండున్నరకి నేను కుర్చీలో స్పృహ తప్పినట్టు నటిస్తాను," అన్నారు డాక్టరుగారు గొంతు తగ్గించి. "ఈ నిదానం ఏం చేస్తుందో చూడాలి. నువ్వు ఎక్కడా నోరు జారకూడదు."

"నేనెందుకు చెప్తానండీ!"

"నీ సంగతి నాకు తెలీదా? మొత్తం అయ్యేదాకా ఎవరడిగినా నోరు విప్పనని ఒట్టు పెట్టు. చివరికి నేనడిగినా సరే."

రేడియో కాస్త నొచ్చుకుంది. "మా పిల్లల మీద ఒట్టు," అంది.

పదకొండుంబావుకు ఒక డ్రిల్లు మాస్టారు జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చారు. బడి మైదానం నుంచి మెడలో ఈలతోనే నేరుగా వచ్చిన భారీ మనిషి. డాక్టరుగారు చకచకా మత్తు సూది వేసి, "బుగ్గ మొద్దుబారేదాకా బయట కూర్చోండి," అని పంపేశారు. ఆయన మనసంతా పదకొండున్నర మీదే ఉంది. గడియారం చూసుకుని, కుర్చీ ఎక్కి, "అబ్బా" అని ఒక మూలుగు మూలిగి తల కుడికి వాల్చారు.

నిదానం లోపలికి వచ్చి ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. మరుక్షణం, "డాక్టరు గారూ! డాక్టరు గారూ!" అంటూ భుజం తట్టింది. డాక్టరుగారు కళ్ళు మూసుకుని మనసులో మార్కులు వేస్తున్నారు. కుర్చీ వెనక్కి వాలింది. కాళ్ళు పైకి లేచాయి. గొంతు దగ్గర బట్టలు వదులు చెయ్యాలి అనుకుంటుండగానే కత్తెర చప్పుడు వినిపించింది. కొత్త చొక్కా. గుండీలు విప్పమన్నాను గానీ కొయ్యమనలేదే అని ఉసూరుమన్నా, అక్కడ కూడా మార్కు తగ్గించలేదు. ఆక్సిజన్ మాస్కు ముక్కు మీదికి వచ్చింది. ఈ పిల్లలో ఇంత చురుకుందా అని ఆయనకు నిజంగానే సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఉండగా ఆమె ఫోనులో క్లినిక్ చిరునామా, మెట్లు ఎక్కడ మలుపు తిరుగుతాయో దాంతో సహా, ఎవరికో చెబుతుండడం వినబడింది.

ఆయన కళ్ళు తెరిచి మాస్కు లాగేశారు. "ఆగాగు! పెట్టెయ్ ఆ ఫోను! నాకేం కాలేదు!"

నిదానం గోడ వైపు చూసింది. "ఐదోది," అంది తనలో తాను.

"ఐదోది కాదు! నిజంగానే ఏం కాలేదు. నీకు పరీక్ష పెట్టానంతే."

"అలాగేనండీ. మీరు మాట్లాడకండి, ఆయాసం వస్తుంది."

"పరీక్ష అంటుంటే వినపడదూ? పరీక్ష! పరీక్ష!"

"నాలుగోది," అంది నిదానం. "అన్నమాటే అంటున్నారు."

డాక్టరుగారికి ఒళ్ళు మండిపోయింది. ముఖం జేవురించి, నుదురంతా చెమట పట్టింది. తన రాత గోడ మీంచి తననే చూస్తుంటే ఆయనకు చెమట ఇంకా ఎక్కువైంది. కుర్చీలోంచి దిగబోయారు.

"లేవకండి, మీకు దణ్ణం పెడతాను!" అంది నిదానం. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి, చేతులు మాత్రం ఆయన భుజాలను కుర్చీకి అదిమి పెట్టాయి. "మాస్టారూ! ఒక్కసారి లోపలికి రండి, కాళ్ళు పట్టుకోవాలి!"

డ్రిల్లు మాస్టారు వచ్చి పట్టుకున్నారు. మూతి ఒక పక్క మొద్దుబారి మాట పెగలడం లేదు కాబట్టి ఎందుకని కూడా అడగలేదు. ఆయన పట్టుకున్న కాళ్ళు కదిలించడం ఎవరి తరమూ కాదు.

పది నిమిషాల్లో అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరుతో వచ్చారు. డాక్టరుగారి ఆశలన్నీ రేడియో మీదే నిలిచాయి. "నువ్వు చెప్పవేం? పొద్దున మనం ఏం అనుకున్నామో వీళ్ళకు చెప్పు!"

రేడియో పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఇంతకాలానికి తన మీద ఒకరు నమ్మకం ఉంచారు, దాన్ని ఆమె చచ్చినా వదులుకోదు.

"ఒట్టు తీసి గట్టున పెట్టు తల్లీ!"

"పిల్లల మీద వేశానండీ," అని మాత్రం అంది.

"చూడు బాబూ," అన్నారు డాక్టరుగారు అంబులెన్సు మనిషితో, "నేను డాక్టర్ని. నటిస్తున్నానంతే."

"రోజుకి పదిమందిని తీసుకెళ్తాం సార్," అన్నాడతను బెల్టు బిగిస్తూ. "పదిమందీ ఏం కాలేదనే అంటారు. డాక్టర్లయితే ఇంకొంచెం గట్టిగా అంటారు."

మెట్ల మలుపు దగ్గర స్ట్రెచరు ఇరుక్కుంటే డ్రిల్లు మాస్టారే ఒక పక్క భుజాన వేసుకుని దించారు. దించి ఊరుకోలేదు, నిదానం వెనకే తనూ అంబులెన్సు ఎక్కారు. సూది వేసి పన్ను తియ్యని డాక్టర్ని కళ్ళెదుట నుంచి వదలడానికి ఆయన సిద్ధంగా లేరు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఛాతీకి వైర్లు తగిలించేసరికి భార్య పరుగెత్తుకొచ్చింది. నిదానం ఆవిడకు దారిలోనే ఫోను చేసింది.

"ఈయన ఇలా కేకలేయడం మామూలేనా అండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"రోజూనండీ."

"చెప్పిందే చెప్పడం?"

"అది కూడా రోజూనే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళయి ఇరవై రెండేళ్ళండీ. అంతకుముందు సంగతి మా అత్తగారిని అడగాలి," అంది భార్య, ఆపైన ఏదో గుర్తొచ్చి, "పొద్దున అద్దం ముందు తల ఓ పక్కకి పడేస్తున్నారు కూడా," అంది. డాక్టరమ్మ అది కూడా రాసుకుని ఇంకో రెండు పరీక్షలు కలిపింది.

గంటన్నర తర్వాత పరీక్షలన్నీ అయ్యాయి. గుండె, రక్తం, తల అన్నీ భేషుగ్గా ఉన్నాయి. డాక్టరుగారు చీలిన చొక్కా రెండు చేతులతో దగ్గరికి పట్టుకుని వసారాలోకి వచ్చి, ఎదురుచూస్తున్న నిదానం ముందు నిలబడ్డారు.

"విన్నావుగా? ఏం లేదట! వీధి వీధంతా నన్ను మోసుకెళ్తుంటే చూసింది. నీ మూలంగా నా పరువు గంగలో కలిసింది. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆయనకు ఏం కాలేదన్న మాటకు ముందు నిదానం గుండె కుదుటపడింది, ఉద్యోగం పోయిందన్నది ఆ తర్వాత తగిలింది. రెండూ ఒకేసారి రావడంతో ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. "పోనీ లెండి," అని భార్య సర్దబోయింది గానీ ఆయన వినిపించుకోలేదు.

అప్పుడే పక్క బల్ల మీంచి డ్రిల్లు మాస్టారు గర్జించారు. బుగ్గ మొద్దు కాస్త వదిలి మాట వస్తోంది. "నా పన్ను సంగతేంటి? పొద్దున్నుంచి... నా పన్ను..." అంటూ లేవబోయి, మళ్ళీ కూలబడ్డారు.

"కోపం రాదూ మరి?" అన్నారు డాక్టరుగారు భార్యతో. "సూది వేసి రెండు గంటలైంది పాపం."

నిదానం దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, ఎలా ఉందండీ?"

"నాకేం కాలేదు! నన్నొదిలెయ్!"

"విన్నావుగా, ఏం కాలేదంటున్నాడు," అన్నారు డాక్టరుగారు చిరాగ్గా. "కనపడ్డవాళ్ళందరి వెనకా పడకు."

నిదానం వెనక్కి తిరగలేదు. మాస్టారి చెయ్యి పట్టుకుంది. అంత పెద్ద చెయ్యి చల్లగా, తడిగా, సన్నగా వణుకుతోంది. "పొద్దున్న ఏమైనా తిన్నారా?" అని అడిగితే ఆయన ఆ ప్రశ్న ఎవరినో అడిగినట్టు చూశారు. "సిస్టర్!" అని వసారా దద్దరిల్లేలా అరిచిందామె. అంత గొంతు ఆమెకుందని డాక్టరుగారికి ఆరేళ్ళుగా తెలియదు. పక్కనున్న కాఫీ మెషీను దగ్గర చక్కెర పొట్లాలు నాలుగు చించి, నీళ్ళలో కలిపి, తల పట్టుకుని కొద్దికొద్దిగా తాగించడం మొదలుపెట్టింది. నర్సు పరుగున వచ్చి వేలికి సూది గుచ్చి చూసి, లోపలికి కేకేసింది. మాస్టారి ఒంట్లో చక్కెర అడుగంటిపోయింది.

పావుగంటకు ఆయన కళ్ళల్లోకి మనిషి తిరిగి వచ్చాడు. షుగరు మాత్ర రోజూలాగే వేసుకున్నారట, పంటి నొప్పి వల్ల ఏమీ తినలేకపోయారట.

"ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ పోయేది," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత పళ్ళ డాక్టరుగారి వైపు తిరిగింది. "సూది వేసేముందు, ఏమైనా తిన్నారా, మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు కదండీ?"

డాక్టరుగారు వసారా పైకప్పు వంక చూశారు. పదకొండుంబావుకు ఆయనకు వేరే పని ఉంది.

డాక్టరమ్మ నిదానాన్ని చూపించింది. "సమయానికి కనిపెట్టింది ఈ అమ్మాయే. మీ దగ్గరే పనిచేస్తుందా?"

"మా దగ్గరేనమ్మా," అన్నారు డాక్టరుగారు చొక్కా చీలిక సర్దుకుంటూ. "ఈ విషయాలన్నీ నేనే కూర్చోబెట్టి నేర్పించాను."

భార్య ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. నిదానం కళ్ళు తుడుచుకుని, ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకునే అలవాటు కొద్దీ, అందరి ముందూ అడిగింది. "అయితే నేను రేపు రానా అండీ, వద్దా అండీ?"

డాక్టరమ్మ, నర్సు, భార్య, మాస్టారు, అటుగా వెళ్తున్న ఇద్దరు అంబులెన్సు మనుషులు ఆయన వైపే చూశారు.

"అదేం ప్రశ్నమ్మా? తొమ్మిదింటికల్లా వచ్చెయ్," అన్నారు డాక్టరుగారు.

పన్ను తీయించుకోవడానికి ఏ రోజు రమ్మంటారని డ్రిల్లు మాస్టారు డాక్టరుగారిని అడగలేదు, నిదానం వైపు తిరిగి, "నువ్వు ఏయే రోజుల్లో ఉంటావమ్మా?" అని అడిగారు.