కాటయ్య తెచ్చిన క్యాను

ఆ ఆదివారానికి కాటయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. నాలుగింటికి లేచి తాటిచెట్లెక్కి కల్లు దించడం, ఆరున్నరకల్లా దిగి స్నానం చేయడం, నిడమనూరులో ఏడింటి బస్సెక్కి మిర్యాలగూడ, అక్కడి నుంచి ఇంకో బస్సులో కోదాడ, పదకొండింటికి గ్రౌండులో కూర్చుని కూతురి ఆట చూడడం. కూతురు నవనీత మిర్యాలగూడ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. నాలుగేళ్లుగా ఆడుతున్నా కాటయ్య ఒక్క మ్యాచ్ కూడా చూసింది లేదు. తాటిచెట్టుకు ఆదివారాలు, పండగలు తెలియవు. ఒక్క పూట గీయకపోతే అలిగి కల్లు ఆపేస్తుంది.

"నాయినా, చెట్లను రోజూ సూస్తవ్. నన్నొక్కసారి సూడు," అంది నవనీత ముందురోజు ఫోన్లో. సూర్యాపేటతో ఫైనల్, పైగా వచ్చే ఏడు ఆమె వయసు ఈ పోటీకి దాటిపోతుంది. ఈసారి తప్పితే ఇక లేనట్టే. కాటయ్యకు గుండెలో ముల్లు దిగినట్టయింది. అందుకే అంత పకడ్బందీ పథకం.

పథకంలో లేనిది క్యాను ఒక్కటే. దాన్ని చేర్చింది భార్య శోభ. బిడ్డకు ఇంత ఆట నేర్పిన కోచ్ రాజేందర్ సార్ దగ్గరికి ఒట్టి చేతులతో ఎట్లా పోతావని ఆమె నిలదీసింది. ఆ ఇంట్లో ఎవరికి రుణపడినా, పురుడు పోసిన డాక్టరమ్మకైనా సరే, మొదటి చెట్టు కల్లు పంపడం తాతల నాటి మర్యాద. కాటయ్యకూ ఆ మాట న్యాయంగానే తోచింది. ఐదు లీటర్ల క్యాను నిండా తాటికల్లు పోసుకుని బయల్దేరాడు.

రెండో బస్సులో కండక్టరు క్యాను వైపు చూసి, సీటు మీద చుక్క ఒలికినా బస్సంతా నీతోనే కడిగిస్తానన్నాడు. కాటయ్య మూత గట్టిగా బిగించాడు. పులిసే కల్లుకు మూత బిగించకూడదని ఆయనకు తెలిసినంతగా ఆ బస్సులో ఎవరికీ తెలియదు. దారిలో రెండు మూడుసార్లు వదులు చేస్తే సరిపోతుందనుకున్నాడు. కానీ నాలుగింటికి లేచిన ఒళ్లు, పైగా కిటికీ పక్క సీటు. కళ్లు తెరిచేసరికి కోదాడ వచ్చింది. క్యాను పొట్ట అప్పటికే ఉబ్బింది.

గ్రౌండు గేటుకు పెద్ద బోర్డు కట్టారు. మద్యం తాగినవారికి, తెచ్చినవారికి, వాసన వచ్చినవారికి ప్రవేశం లేదు. దాన్ని రాయించింది టోర్నమెంటు కమిటీ ప్రెసిడెంటు ప్రేమ్‌కుమార్, రిటైరైన హెడ్మాస్టరు. పోయినేడు సూర్యాపేటలో ఫైనల్ జరిగినప్పుడు తాగి వచ్చిన అభిమానులు నలుగురు గోల్‌పోస్టు ఎక్కి కూర్చుని, చీకటి పడేదాకా దిగలేదు. కాటయ్య బోర్డు చదివి మెచ్చుకున్నాడు. తాగుబోతులు ఆటను ఆగం చేస్తారని ముందున్నాయనతో కూడా అన్నాడు. తన చేతిలోని క్యానుకూ ఆ బోర్డుకూ సంబంధం ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆయన లెక్కలో మద్యమంటే సీసాలో ఉండేది. కల్లు చెట్టున పుట్టేది. అదీగాక మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద మోజుండనట్టు, కాటయ్య ఇన్నేళ్లలో కల్లు నోట పోసుకున్న పాపాన పోలేదు.

గేటు దగ్గర డ్యూటీ చేస్తున్న పీఈటీ టీచరు రజిత క్యానులో ఏముందని అడిగింది.

"కల్లమ్మా. కోచ్ సార్‌కు తెచ్చిన," అన్నాడు కాటయ్య దాపరికం లేకుండా.

ఆమె మూత తీసి చూపించమంది. మెల్లగా తియ్యాలని, అందరూ కాస్త దూరం జరగాలని కాటయ్య చెబుతుండగానే, లైను ఎందుకు ఆగిందో చూద్దామని ప్రెసిడెంటు గేటు బయటికి వచ్చాడు. ముప్పై ఏళ్లు పిల్లల జేబులు తనిఖీ చేసిన మనిషికి మెల్లగా అన్న మాట రుచించదు. క్యాను లాక్కుని మూతను ఒక్క తిప్పు తిప్పాడు.

ఆ తరువాత ఐదు లీటర్ల కల్లు ఒక్కసారిగా ఆకాశం చూసి వచ్చింది. ప్రెసిడెంటు తెల్లచొక్కాకు, మీసానికి, కళ్లజోడుకు సింహభాగం దక్కింది. మిగిలింది కాటయ్యకూ, వెనక నిలబడ్డ మిర్యాలగూడ అభిమానులు పదిహేను మందికీ సమానంగా అందింది. చుక్క పడకుండా లోపలికి జరిగిన రజిత గేటు మూసేసింది.

"నన్ను లోపలికి రానివ్వమ్మా, మ్యాచ్ ప్రారంభించాలి," అన్నాడు ప్రెసిడెంటు.

"వాసన వస్తే ఎవరినీ పంపొద్దని మీరే చెప్పారు కదండీ సార్. మిమ్మల్ని పంపితే వీళ్లందర్నీ పంపాలి."

లోపల రిఫరీ ఎవరి కోసమూ ఆగలేదు, ఈల వినబడింది. బయట కల్లు వాసన కంటే వేగంగా కబురు పాకింది. మొదట మిర్యాలగూడ వాళ్లు ప్రెసిడెంటు మీద కల్లు పోశారన్నారు. రెండో నోటికి వచ్చేసరికి పోసింది గోల్‌కీపరు తండ్రి అయ్యాడు. మూడో నోటికి ఆయన తాగి పోశాడు. ఆ మూడోది గ్రౌండులోకి వెళ్లి నవనీత చెవిన పడింది. ఆమె గేటు వైపు తల తిప్పిన క్షణంలో సూర్యాపేట గోలు కొట్టింది. ఇంకెవరో ఊరికి ఫోన్ చేశారు.

"ఇన్నేండ్లు తాగనోడివి ఇయ్యాల్నే మొదలువెట్టినవా?" అని శోభ ఫోన్లో అడిగింది. నువ్వు పంపిన క్యానే కొంప ముంచిందని కాటయ్య చెప్పబోయాడు గానీ, ఆమె వినే స్థితిలో లేదు. ఆమె ఏడుస్తోంది. గోడ అవతల కూతురు ఆడుతోంది, అరుపులు వినబడుతున్నాయి, ఆట మాత్రం కనబడదు. కాటయ్యకు కూడా ఏడుపొచ్చింది.

అప్పుడు ప్రెసిడెంటుకు తన తెలివి గుర్తుకొచ్చింది. వాసన వచ్చినంత మాత్రాన తాగినట్టు కాదని, పోలీసుల మిషన్‌లో ఊదితే తేలిపోతుందని ప్రకటించాడు. మిషన్ చెప్పిందే ఆఖరు, ఎంతటివాడికైనా రెండోసారి ఊదే అవకాశం లేదని తన పాత అలవాటు కొద్దీ ఒక నియమం కూడా జోడించాడు. బైపాస్ దగ్గర బండ్లు ఆపే కానిస్టేబుల్‌ను మిషన్‌తో సహా పిలిపించేసరికి రెండో సగం కూడా చాలావరకు గడిచింది.

మొదట కాటయ్య ఊదాడు. సున్నా. కానిస్టేబుల్ నమ్మలేక మిషన్‌ను రెండు తట్లు తట్టి చూశాడు. సున్నా సున్నాగానే ఉంది. పదిహేను మందిలో ముగ్గురు మిషన్ కనబడగానే ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయారు. మిగిలిన పన్నెండు మందికీ సున్నాలే. చివరికి ప్రెసిడెంటు ఠీవిగా ఊదాడు. మిషన్ కుయ్యిమంది.

"నేను తాగలేదయ్యా. మూతి మీద పడితే తుడుచుకున్నానంతే," అన్నాడాయన.

"దేంతో తుడుచుకున్నారు సార్?" అని రజిత మర్యాదగానే అడిగింది.

ప్రెసిడెంటు మీసానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాటయ్యకు మాత్రం ఆయన మీద జాలేసింది. మొదటి చెట్టు కల్లు మీసం మీద పడితే నాలుక ఊరుకుంటుందా మరి.

కాటయ్య లోపలికి పరుగెత్తాడు. మిర్యాలగూడ రెండు, సూర్యాపేట ఒకటి. ఆఖరి నిమిషంలో సూర్యాపేటకు పెనాల్టీ దొరికింది. అంటే ఏమిటని పక్కవాడిని అడిగితే, నీ బిడ్డ ఒక్కతే నిలబడి ఆపాలన్నాడు. నవనీత తలెత్తింది. గ్రౌండు చుట్టూ కట్టిన తాడుకు అవతల తడిసిన చొక్కాతో, తూలకుండా, నిటారుగా నిలబడ్డ తండ్రి కనబడ్డాడు. ఆమె ముఖం తేటపడింది. బంతి కుడివైపు వచ్చింది, ఆమె అంతకంటే ముందే అక్కడ ఉంది. కాటయ్య సిగ్గుపడకుండా ఏడ్చేశాడు. తన బిడ్డ అంత దూరం ఎగరగలదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆమె వచ్చి చుట్టేసుకుని వెంటనే ముక్కు మూసుకుంది. "నాయినా, గీ వాసనేంది?"

"మీ ప్రెసిడెంటు సారు పుణ్యం బిడ్డా."

కప్పు ఇవ్వాల్సినవాడు లోపలికి రాలేడు గనక, రెండు జట్లూ వరుసగా బయటికి నడిచాయి. బహుమతి ప్రదానం గేటు బయట, సైకిల్ స్టాండు దగ్గర జరిగింది. ప్రెసిడెంటు ప్రేమ్‌కుమార్ గారు మ్యాచ్‌ను ఆసాంతం ఆసక్తిగా తిలకించారని మర్నాడు పేపర్లో రాశారు.