ఊగుతున్న అంకె

ఆ ఆదివారం పొద్దున ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, సర్క్యూట్ ఆన్ చెయ్యాలి, తెర మీద అంకె కదలకుండా నిలబడితే చూసి మురిసిపోవాలి. కంపెనీ డైరెక్టరమ్మ ఇంటికి రాగానే ఆవిడకూ చూపించాలి. అంతే.

సర్క్యూట్ చేసే పని కూడా చెప్పుకోవడానికి చిన్నదే. రబ్బరు సంచిలోని గాలి ఒత్తిడిని సెన్సర్ పసిగడుతుంది, సర్క్యూట్ దాన్ని అంకెగా మార్చి చూపిస్తుంది. ఆసుపత్రి యంత్రాల్లో పెట్టవలసినది కాబట్టి అంకె నిలకడగా ఉండాలి. కానీ ఫ్యాన్లూ, మోటార్లూ, గోడలోని వైర్లూ వదిలే విద్యుత్తు చెత్తంతా సన్నని తీగల్లో దూరి అంకెను ఊపేస్తుంది. దాన్నే ఇంజనీర్లు నాయిస్ అంటారు. రెండేళ్లుగా ఈ ఇంజనీరు కాపురం దానితోనే. ఆఫీసు పక్కన వెల్డింగ్ షాపు ఉంది. అక్కడ లాభం లేదని సర్క్యూట్ పెట్టె ఇంటికి మోసుకొచ్చాడు. ఇవాళ కూడా అంకె ఊగితే ఈ పని మూసేసి, బయట తయారైన సర్క్యూట్ కొంటామని డైరెక్టరమ్మ ముందే చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అదీ అతని భయం.

అందుకే శనివారమంతా చెయ్యవలసినవన్నీ చేశాడు. తీగలను జడలా మెలివేశాడు. గోడ కరెంటు మానేసి బ్యాటరీ పెట్టాడు. సర్క్యూట్‌కు రేకు కవచం అవసరమై అత్తగారి బిస్కెట్ల డబ్బా ఖాళీ చేశాడు. పళ్లెంలో బిస్కెట్లు మెత్తబడ్డాయి, అత్తగారు గట్టిపడ్డారు. గాలి సంచిని ఎవరూ తొక్కకుండా సోఫా మీద ఓ మూల పెట్టి, దాని గొట్టాన్ని సోఫా వెనకనుంచి బల్ల మీదికి లాగాడు. పొద్దున్నే ఇల్లు సర్దిన భార్య, డైరెక్టరమ్మ వచ్చేసరికి చూడ్డానికి బాగుండాలని, సంచి మీద దిండు కప్పింది.

ఇంజనీరు బల్ల ముందు కూర్చుని అంకెను సున్నాకు తెచ్చుకున్నాడు. అంకె మెల్లగా రెండుకు ఎక్కింది, మెల్లగా దిగింది, మళ్లీ ఎక్కింది. అతని కాఫీ చేదెక్కింది.

సోఫా మూల అత్తగారు కళ్లు మూసుకుని రేడియో వింటున్నారు.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఆ రేడియో ఒక్క నిమిషం కట్టేస్తారా?"

"నిన్న డబ్బా అయింది, ఇవాళ రేడియోనా బాబూ," అని అత్తగారు నిట్టూర్చి కట్టేశారు. అంకె ఐదుకు ఎగిరింది.

అయితే రేడియో కాదన్నమాట. ఫ్యాన్ కట్టేశాడు. అత్తగారు పేపరుతో విసురుకోవడం మొదలుపెట్టారు. అంకె తొమ్మిది దాకా పోయింది. ఫ్రిజ్ కట్టేశాడు.

"పాలు విరిగితే నన్ను అనకండి," అంది భార్య వంటింట్లోంచి.

"పాలదేముందే," అన్నారు అత్తగారు, కూతురితో. "ఇంట్లో ఇంకా ఆగకుండా ఉన్నది నేనొక్కదాన్నే. నన్నెప్పుడు ఆపుతారో మీ ఆయన్ని అడుగు."

అంకె పన్నెండు. ఒక్కొక్కటీ ఆపేకొద్దీ నాయిస్ పెరగడం ఇంజనీరు ఏ పుస్తకంలోనూ చదవలేదు. తప్పంతా బయటిదేనని తేల్చుకున్నాడు. నీళ్ల మోటారు, లిఫ్టు, పొరుగిళ్ల యంత్రాలు. మెట్లు దిగి వెళ్లి బిల్డింగ్ మొత్తానికీ ఉన్న మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

"ఏమైంది సార్?" అన్నాడు వాచ్‌మన్.

"ఏం లేదు. సెన్సర్ పెట్టి గాలి చూస్తున్నాను. నేను చెప్పేదాకా ఇది ముట్టుకోకు," అని చెప్పి పరుగున పైకి వెళ్లిపోయాడు.

కరెంటు ఏమైందని అడిగినవాళ్లకు వాచ్‌మన్ ఆ మాటే చెప్పాడు. ఒక ఇంజనీరు కరెంటు తీసేసి సెన్సర్‌తో గాలి చూస్తున్నాడంటే ఏమిటో రెండో అంతస్తు ఆవిడకు వెంటనే అర్థమైంది. ఆవిడ ఇంటింటి తలుపూ తట్టి, గ్యాస్ లీకైందని చెప్పింది. జనమంతా రోడ్డు మీద పడ్డారు. ఒకాయన పిల్లిని ఎత్తుకుని దిగాడు. పైఅంతస్తు పెద్దమనిషి కరెంటు రేజరు మధ్యలో ఆగిపోగా, ఒక చెంప నున్నగా, ఒక చెంప గడ్డంతో దిగాడు.

డైరెక్టరమ్మ వచ్చేసరికి కింద ఇదీ సంగతి. తన మనిషి పైన చిక్కుకున్నాడనుకుని ఆవిడ ఐదంతస్తులూ మెట్లెక్కి, రొప్పుతూ గుమ్మంలో నిలబడింది.

"మీ ఇంట్లో గ్యాస్ లీకవుతోందా?"

"లేదు మేడమ్. నాయిస్ వెతుకుతున్నాను," అన్నాడు ఇంజనీరు.

ఆవిడ అంకె చూసింది. పదిహేనుకు ఎక్కుతోంది, దిగుతోంది. "బిల్డింగ్ అంతా కట్టేసినా ఇదేనా? ఇంక చాలండి. మీ కష్టం నాకు తెలుసు, కానీ..."

పాపం, ఆయాసపడుతోందని అత్తగారు మంచినీళ్లకు లేచారు. అంకె ఒక్కసారిగా సున్నా కిందికి పడిపోయి, మేకు కొట్టినట్టు అక్కడే నిలబడింది.

డైరెక్టరమ్మ మాట ఆపింది. అత్తగారు గ్లాసు ఇచ్చి వచ్చి కూర్చున్నారు. అంకె మళ్లీ పైకి లేచి ఊగింది. ఇంజనీరు మొట్టమొదటిసారి తెర మీంచి కళ్లు తిప్పి అత్తగారిని చూశాడు. ఆవిడ భుజాలు లేచాయి, అంకె లేచింది. భుజాలు దిగాయి, అంకె దిగింది.

"అత్తయ్యగారూ, ఒక్కసారి ఊపిరి బిగబట్టండి."

"చెప్పానా, నా వంతు వచ్చింది," అని కూతురితో అని, ఆవిడ బిగబట్టారు. అంకె నిలిచిపోయింది.

ఇంజనీరు వెళ్లి ఆవిడను లేపి, ఆవిడ కూర్చున్న దిండు కిందనుంచి గాలి సంచి లాగాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"మేడమ్, నాయిస్ నిన్ననే పోయింది. పొద్దుటినుంచీ నేను ఆపాలని చూసింది అత్తయ్యగారి ఊపిరిని."

డైరెక్టరమ్మ సంచిని తన కింద పెట్టుకుని, దాని మీద దిండు వేసుకుని కూర్చుంది. అంకె ఆవిడ ఆయాసాన్ని చక్కగా చూపించింది.

"దిండు మీంచి కూడా తెలుస్తోంది," అంది తెర చూస్తూ. "అయితే రోగి పరుపు కింద పెడితే, ఒంటికి ఒక్క వైరూ తగిలించకుండానే ఊపిరి చూడొచ్చు కదా."

"చూడొచ్చు మేడమ్."

"బయటి సర్క్యూట్ సంగతి మరిచిపోండి. రేపు ఈ డబ్బాతో సహా పట్టుకురండి."

భార్య కళ్లు తుడుచుకుంది. రెండేళ్లుగా మొగుడు నిద్రలో కూడా అంకెలు చదవడం విన్న మనిషి. ఇంజనీరు అత్తగారి ముందు చేతులు జోడించాడు. కొత్త డబ్బా కొనిపెడతానని మాటిచ్చాడు.

"అది సరే బాబూ, ముందు నా రేడియో," అన్నారు ఆవిడ, మీట తిప్పుతూ.

రేడియో పలకలేదు, ఎందుకంటే మెయిన్ స్విచ్ ఇంకా కిందికే ఉంది, సగం గడ్డం పెద్దమనిషీ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు.