రహీమున్నిసా ఖాలా రెండో కాలు

'మన గల్లీ - మన భద్రత' అనే చారిత్రాత్మక పథకం మా బాన్సువాడలో, అందులోనూ మా గల్లీలో, అందులోనూ సరిగ్గా నా టైలర్ షాపు ముందు ప్రారంభమైందని చెప్పుకోవడానికి నాకెంతో గర్వంగా ఉంది. ప్రారంభించినవారు పౌర భాగస్వామ్య కమిటీ కన్వీనర్ సంజీవ్ గారు. అంతకుముందు వారం దాకా ఆయన ఉత్త సంజీవే. పార్టీ మీటింగులకు కుర్చీలు వేయించేవాడు. కన్వీనర్ అయ్యాక అవే కుర్చీల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. మనిషి ఎదిగితే అలా ఎదగాలి.

మైకు పట్టుకుని ఆయన ప్రకటించారు: "ఇయ్యాల్టి సంది ఈ గల్లీ భద్రత మీ చేతులల్ల ఉన్నది! సర్కారు మీ ఎన్క ఉన్నది!"

మేమంతా వెనక్కి తిరిగి చూశాం. వెనక మున్సిపల్ ఇంజనీరు ప్రేమలత మేడం ఫోన్ చూసుకుంటూ నిల్చున్నారు. చప్పట్లు కొట్టాం.

చప్పట్లు ఆగాక రహీమున్నిసా ఖాలా కర్ర ఊతంతో లేచింది. ఖాలా ఇల్లు నా షాపుకు ఎదురుగా ఉంటుంది. మధ్యలో మురుగు పారే మోరీ. నా షాపులో కుట్టిన ప్రతి చొక్కాకు కాజాలు తీసేది, గుండీలు కుట్టేది ఆమే. ఆ పని మీదే ఆమె బతుకు. మోరీ మీది బండ ఇసుక ట్రాక్టర్ ఎక్కి విరిగిపోయి మనిషి పట్టేంత సందు పడింది. పోయిన వానాకాలం నీళ్లలో ఆ సందు కనబడక ఖాలా చొక్కాలతో సహా లోపలికి దిగిపోయింది. దవాఖానలో కాలికి స్టీల్ రాడ్ వేశారు. చొక్కాలు మాత్రం ఉతికితే శుభ్రమయ్యాయి.

"బండ ఎప్పుడేస్తరు బేటా?" అంది ఖాలా.

"అమ్మా, బండ చిన్న విషయం. మనం పెద్ద విషయం మాట్లాడుకుంటున్నం" అన్నారు సంజీవ్ గారు.

"నాకు చిన్నదే కావాలె. ఒక కాలు మోరీకి ఇచ్చిన. రెండోది నాకు పనికొస్తది. మల్ల వానలు షురూ అయితే రోడ్డేదో మోరీ ఏదో ఎట్ల ఎరుకైతది?"

సంజీవ్ గారు నొచ్చుకున్నారు. "అన్నీ సర్కారే చేస్తే ఇగ ప్రజలేం చెయ్యాలె? ఖాళీగ కూసుంటరా?"

ఖాళీగా కూర్చోబోమని అందరం చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాం. నా చేతిలో టేపు ఉండిపోయింది. టేపుతోనే చేశాను.

ప్రతిజ్ఞ ఊరికే పోలేదు. మర్నాడు ఉరిమి, నాలుగు చినుకులు పడగానే మా గల్లీ ఆటో డ్రైవర్ లక్‌పతి కాలువ గట్టు నుంచి ఒక తుమ్మకొమ్మ నరుక్కొచ్చి మోరీ సందులో గుచ్చాడు. నేను మిగిలిపోయిన ఎర్ర జాకెట్టు ముక్క ఒకటి చింపి దాని కొసకు కట్టాను. రోడ్డుకు గుంత పడితే కొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టడం మాకు ఎవరూ నేర్పలేదు. పుట్టుకతో వచ్చిన విద్య.

తెల్లారి ప్రేమలత మేడం జీపు దిగి, నల్ల కళ్లద్దాలు తీసి మరీ ఆ కొమ్మను చూశారు.

"ఇది ఎవరు పెట్టారు?"

లక్‌పతి ముఖం పాలిపోయింది. "తప్పయింది మేడం. ఇప్పుడే తీసేస్త."

"తీయొద్దు! ఇది కమ్యూనిటీ లెడ్ రిస్క్ కమ్యూనికేషన్!"

లక్‌పతి నా వైపు తిరిగాడు. "గిది తుమ్మకొమ్మ గాదా అన్నా?"

"మేడం చదువుకున్నరు. ఊకో" అన్నాను.

మేడం ఫోటోలు తీశారు. కబురందుకుని సంజీవ్ గారు వచ్చి కొమ్మను పీకి, మళ్లీ తన చేత్తో గుచ్చి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వారు. ముల్లు గుచ్చుకున్నా నవ్వు చెదరలేదు. అది అందరివల్లా అయ్యే పని కాదు. సాయంత్రానికి మా కొమ్మకు 'జీరో కాస్ట్ సేఫ్టీ మోడల్' అని పేరొచ్చింది. వాట్సాప్ గ్రూపులన్నీ దండం పెట్టే బొమ్మలతో నిండిపోయాయి.

"మరి బండ?" అంది ఖాలా.

"ఇప్పుడు బండ వేస్తే మోడల్ పోతుందమ్మా" అన్నారు మేడం ఎంతో ఓపికగా. "ప్రమాదం ఉంటేనే కదా భద్రత కనిపించేది."

అబ్బ, ఎంత మాట! నేను ఆ మాటను రెండుసార్లు మనసులో అనుకున్నాను. రెండుసార్లూ అర్థం కాలేదు.

తర్వాతి వారం మేకలు వచ్చి మోడల్ ఆకులు మేసిపోయాయి. సంజీవ్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. కొమ్మ పరిరక్షణ సబ్ కమిటీ ఏర్పడింది. ఇంటికొకరు చొప్పున కాపలా. పొద్దుటి పూట నా వంతు. మిషన్ తొక్కుతూ "హే, హే" అని మేకలను అదిలించడం నా బాధ్యత. మేడం పట్టుబట్టి కరెంటు స్తంభానికి ఒక సీసీ కెమెరా పెట్టించారు. దానికి ఇంకా కనెక్షన్ రాలేదు. ఆ సంగతి మేకలకు తెలియదు.

పక్క పట్టణాల నుంచి అధికారులు మోడల్ చూసి నేర్చుకోవడానికి వచ్చారు. ఒకాయన లక్‌పతిని అడిగాడు. "కొమ్మ ఎంత లోతు దిగాలి?"

"మోరీ ఎంత లోతుంటే గంత దిగుతది సార్."

ఆయన రాసుకున్నాడు. పక్కాయన ఆయన్ను చూసి రాసుకున్నాడు.

ఈలోగా ఖాలా మోరీ దాటడం మానేసింది. లక్‌పతి ఆటో ఆపి చొక్కాలు అందించేవాడు. అతను పిట్లం కిరాయికి పోయిన రోజు పని ఆగేది. గిరాకీలు నా మీద అరిచేవాళ్లు. గుమ్మంలో కూర్చున్న ఖాలా ఖాళీ చేతులు చూస్తే నాకే ఏదోలా ఉండేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ట్రాక్టర్‌లో బండ వచ్చింది! నిజమైన బండ. మందంగా, మోరీకి సరిపడా. ఆఫీసులో ఎవరో చూసుకోకుండా సంతకం పెట్టేసినట్టున్నారు. ఖాలా సంతోషం పట్టలేక సేమియా వండి గల్లీకంతా పంచింది. ట్రాక్టర్ డ్రైవర్ రెండు గిన్నెలు తాగాడు.

బండ దించుతుండగా సంజీవ్ గారు రొప్పుతూ వచ్చారు. "ఆగుండ్రి! ఆగుండ్రి! పెద్దసారు వస్తుండు!"

హైదరాబాద్ నుంచి పెద్దసారు మోడల్‌ను స్వయంగా ఆవిష్కరించడానికి వస్తున్నారు. ఆవిష్కరణకు శిలాఫలకం కావాలి. చేయించడానికి టైం లేదు. సంజీవ్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని బండను చూశారు. బండ కూడా ఆయన్ను చూసినట్టే అనిపించింది.

"దీని మీదనే చెక్కిద్దాం" అన్నారు. "ప్రజాధనం ఆదా."

"మంచిదే బేటా" అంది ఖాలా. "పేర్లు చెక్కు, పువ్వులు చెక్కు, నీ ఇష్టం. మోరీ మీద ఎయ్యి, చాలు."

బండ వెళ్లి పేర్లతో తిరిగొచ్చింది. పైన పెద్దసారు పేరు. కింద దాదాపు అంతే లావున 'కన్వీనర్ సంజీవ్'. ఆ కింద మేడం. అట్టడుగున చీమలు పాకినట్టు 'ప్రజల భాగస్వామ్యంతో' అని ఉంది. మేస్త్రీలు సిమెంటు కలిపి, మోరీ సందు పక్కనే బండను నిలబెట్టారు.

"అయ్యో, నిలవెడుతుండ్రేంది? పండవెట్టుండ్రి!" అని ఖాలా గుమ్మంలోంచి కేకేసింది.

"పండవెడితే పెద్దోళ్ల పేర్ల మీద కాళ్లు పడవా అమ్మా? గట్ల తొక్కొచ్చునా?" అన్నారు సంజీవ్ గారు.

"పేర్లు కిందికి చేసి ఎయ్యి. ఎవ్వరు తొక్కరు."

సంజీవ్ గారు చెవులు మూసుకున్నారు. "పెద్దోళ్ల పేర్లు మోరీల ముంచుమంటవా?"

"మరి నన్ను ముంచుతవా?"

ఖాలా గొంతు పెద్దది చేయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదైనా అందామనుకున్నాను. కానీ అప్పుడు నేను అదే బండకు కట్టే పట్టు తెర కుడుతున్నాను. దాని అంచు కుట్టు పని ఖాలాదే.

ఆవిష్కరణ కన్నుల పండువగా జరిగింది. పెద్దసారు తాడు లాగితే తెర జారింది. ఇది కొమ్మ కాదని, ప్రజాస్వామ్యమని ఆయన అన్నారు. కొమ్మ అనుకుని ఇన్నాళ్లూ కాపలా కాసినందుకు నాకు సిగ్గేసింది. రాజధాని ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి దాన్ని తీసుకెళ్తానని కూడా అన్నారు. లక్‌పతి పీకి ఇచ్చాడు. ప్రజాస్వామ్యాన్ని శాలువాలో చుట్టి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు.

కార్లు మలుపు తిరగడం, వాన దబదబా దిగడం ఒకేసారి జరిగాయి. చూస్తుండగానే గల్లీ నిండిపోయింది. రోడ్డు లేదు, మోరీ లేదు. అంతా ఒకే రంగు నీళ్లు. మధ్యలో బండ మాత్రం నిలబడి ఉంది. కొమ్మ లేదు.

ఎదుటి గుమ్మంలో ఖాలా నిల్చుంది. చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన చొక్కాలు. పెళ్లివారివి, ఆ సాయంత్రమే ఇవ్వాలి.

"మాస్టర్! మోరీ యాడుంది?"

"బండ పక్కన!"

"ఏ పక్క?"

చూశాను. ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్నవాణ్ణి. ఏ పక్కో చెప్పలేకపోయాను. ఆమె కర్ర ముందుకు చాచింది. కర్ర నీళ్లలో సగం దాకా దిగింది.

"రాకు ఖాలా! అల్లా మీద ఒట్టు, ఆడ్నే ఉండు!" అని అరిచాను. రోజూ గుడికి మొక్కి షాపు తెరిచే నేను ఒట్టేసింది ఎవరి మీదో ఆ క్షణంలో నాకే తోచలేదు.

ఆమె గుమ్మం మీదే చతికిలబడింది. రెండో కాలును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం బలమైన గాలి వీచింది. ఎంత బలమైన గాలంటే, సిమెంటు ఇంకా ఆరని బండను అమాంతం పడేసింది. నా షాపు రేకును మాత్రం కదిలించలేదు. పడడం కూడా, పేర్లు కిందికి, వీపు పైకి, సరిగ్గా మోరీ సందు మీద, కొలత తీసి కుట్టిన జాకెట్టులా అతికినట్టు పడింది. మర్నాడు లక్‌పతి రెండు అరచేతులకూ పట్టీలు కట్టుకుని ఆటో నడిపాడు. గాలి అతన్ని కూడా వదల్లేదు. నాకు నడుము పట్టేసింది. టేపు ఎందుకో తడిసి ఉంది.

పొద్దున్నే ఖాలా కర్రను చంకలో పెట్టుకుని, బండ మీదుగా నడిచి వచ్చి చొక్కాలు నా బల్ల మీద పెట్టింది. "చాయ్ తాపియ్యి" అంది. ఇద్దరం తాగాం.

సంజీవ్ గారు, మేడం ఒకే బండి మీద వచ్చారు.

"ఎవడు పడగొట్టిండు?"

"గాలి సార్" అన్నాను.

"గాలే" అంది గల్లీ మొత్తం.

"కెమెరా చూద్దాం నడువుండ్రి!"

మేడం ఆయన చెవి దగ్గరికి వంగారు. "కనెక్షన్ ఇంకా రాలేదు."

"అయితే ఎత్తుండ్రి!"

"ఎత్తాలంటే ముందు పడిందని రాయాలి" అన్నారు మేడం. "పడిందని రాస్తే ఎందుకు పడిందని అడుగుతారు. ఎత్తడానికి ఎస్టిమేట్ కావాలి. టెండర్ కావాలి."

"మరి పేర్లో? పెద్దసారు మల్ల వస్తే ఏం చూపియ్యాలె?"

మేడం బండ వైపు చూశారు. నున్నగా, నల్లగా, శుభ్రంగా ఉంది. "ఈ వైపు ఖాళీయే కదా" అన్నారు.

సంజీవ్ గారి ముఖం వెలిగిపోయింది. అధికారులు, ప్రజాప్రతినిధులు ఇలా చేయి చేయి కలిపితే సాధ్యం కానిదేముంటుంది? వెంటనే ఉలి, సుత్తి పట్టుకుని మనిషొచ్చాడు. పడుకున్న బండ మీద పడుకున్నట్టే పేర్లు లేచాయి. ఈసారి కన్వీనర్ పేరు కొంచెం లావైంది. చీమల లైనుకు చోటు చాలలేదు, వదిలేశారు. పక్కన బోర్డు పెట్టారు: 'శిలాఫలకంపై కాలు మోపరాదు.' బోర్డు చదవనివాళ్ల కోసం లక్‌పతితో కాలువ గట్టు నుంచి ఇంకో తుమ్మకొమ్మ తెప్పించారు. నేను ఎర్రగుడ్డ ఇచ్చాను. మోడల్ పునరుద్ధరణ జరిగిందని మేడం ఫోటోతో సహా గ్రూపులో పెట్టేశారు. మోరీ మూత మీదికి ఎవరూ రాకుండా ఇప్పుడు కొమ్మ కాపలా.

సంజీవ్ గారు మైకు లేకుండానే ప్రసంగం ఎత్తుకున్నారు. భద్రత గురించి. సరిగ్గా అప్పుడే ఎదుటి తలుపు తెరుచుకుంది. చేతిలో చొక్కాలతో ఖాలా బయటికొచ్చింది. కొమ్మను పక్కకు వంచి, బండ అంచున ఆగి, కిందికి చూసింది.

"ఏం రాసిండ్రు మాస్టర్?"

"పేర్లు ఖాలా."

"ఎవరియి?"

చెప్పాను. ఏది ఎక్కడుందో వేలితో చూపించాను కూడా.

"అమ్మా, ఆగు! కాలు పెట్టకు! పేర్లున్నయి!" అని సంజీవ్ గారు చేతులు ఊపారు.

"నాకు తెలుగు చదువొస్తదా బేటా?" అంది ఖాలా.

స్టీల్ రాడ్ వేసిన కాలు తీసి 'కన్వీనర్' మీద పెట్టింది. ఒకసారి గట్టిగా అదిమి చూసింది. తర్వాత రెండో కాలు తెచ్చి పెద్దసారు పేరు మీద ఆనించింది. రెండు కాళ్ల మీదా నిలబడి, కర్రతో టకటకా కొట్టి చూసింది.

"మజ్బూత్‌గున్నది బేటా" అంది. "గింతే గదా నేనడిగింది."