కావేరి తూర్పు సముద్రానికి వెళ్లిన వైనం

సన్మానాలలో పెట్టే మైసూరు పేటా అనే తలపాగా మనిషి తలకు సరిపోవడమన్నది చరిత్రలో ఇంతవరకూ పరిష్కారం కాని సమస్య. చెవుల మీదికి జారితే సన్మానితుడు అమాయకుడిలా కనబడతాడు. నడినెత్తిన నిలిస్తే అహంకారిలా కనబడతాడు. ఈ రెంటికీ మధ్య కొలతను దర్జీలు ఇంకా కనిపెట్టలేదు. ఆ ఆదివారం ఉదయం మోహన్‌కుమార్ చింత అంతా దీని గురించే. పదకొండు గంటలకు చిక్కపేటలో మామగారి వర్తక సంఘం వారు అతన్ని సన్మానిస్తున్నారు. అంతకు ముందు చేయవలసిన పనులు రెండే: ఇడ్లీ తినడం, అద్దం ముందు వినయాన్ని సాధన చేయడం.

మోహన్‌కుమార్ తిమింగిల సొరచేపల సంచారాన్ని పరిశోధించే శాస్త్రజ్ఞుడు. భూలోకంలోని చేపలన్నిటిలోకి పెద్దదైన ఆ జీవి బస్సంత పొడవుండి, కంటికి ఆనని నలుసులు తిని, ఎవరి జోలికీ పోకుండా బతుకుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, ఎన్ని మిగిలాయో ఎవరికీ సరిగా తెలియదు. అది తెలుసుకోవడానికి వెలసిన కార్యాలయం, సముద్రానికి ఒక రాత్రి ప్రయాణమంత దూరాన, బెంగళూరు హూడిలో, ఒక టైల్సు దుకాణం మీది అంతస్తులో ఉంది.

మామగారు వెంకటగిరియప్పకు చిక్కపేటలో మూడు తరాల నాటి పట్టుచీరల అంగడి ఉంది. అల్లుడు ఏం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే ఆయన ఇన్నేళ్లూ దగ్గు తెచ్చుకునేవాడు. “సముద్రం లేని ఊళ్లో తిమింగిలాల పనేందప్పా?” అని అల్లుణ్ణి పెళ్లిలో అడిగాడు, సీమంతంలో అడిగాడు, ఒకసారి ఆసుపత్రిలో మత్తు దిగుతుండగా కూడా అడిగాడు.

ఆ దగ్గు ఈ ఏడే మానింది. ఫిబ్రవరిలో కేరళ తీరాన వలలో చిక్కిన ఒక సొరచేపను జాలరులు వల కోసి వదిలిపెడుతుంటే, మోహన్‌కుమార్ దాని రెక్కకు తాడుతో ఒక తేలే గొట్టం కట్టాడు. గొట్టం గాలిలోకి తలెత్తినప్పుడల్లా ఉపగ్రహానికి తన చోటు చెబుతుంది, తన చుట్టూ ఎంత చలిగా ఉందో కూడా చెబుతుంది. కార్యాలయం ఆ చేపకు కావేరి అని పేరు పెట్టింది. నాలుగు నెలలు కావేరి చుక్కలు పడమటి తీరాన పడ్డాయి. వానాకాలం మొదలవుతూనే తూర్పు తీరాన, మద్రాసు పక్కన తేలాయి. ఒక సముద్రపు సొరచేప మరో సముద్రానికి వలసపోయిందన్నమాట! రెండు తీరాల చుక్కలను సరళరేఖతో కలిపితే కావేరి పళని కొండలెక్కవలసి వస్తుంది కనుక, మోహన్‌కుమార్ కన్యాకుమారి చుట్టూ ఒక వంపు గీత గీశాడు. మనోహరమైన గీత. రాత్రివేళ నమోదైన తీవ్రమైన చలిని బట్టి, కావేరి రాత్రుళ్లు అగాధంలోకి దిగి తెల్లవారుతూనే తీరానికి వస్తుందని కూడా తన పరిశోధన వ్యాసంలో రాశాడు. ‘అగాధంతో ఏకాంతం’ అన్న మాట ఆ వ్యాసంలో రెండుసార్లు వస్తుంది.

వార్త పత్రికలో పడింది. వెంకటగిరియప్ప అందులో అచ్చైన గీత పటాన్ని అంగట్లో గల్లాపెట్టె పైన వేలాడదీశాడు. ముహూర్తపు చీరలకు వచ్చిన వారందరూ ముందు కన్యాకుమారి చుట్టి రావలసి వచ్చింది. “కావేరి తమిళనాడుకు పొయ్యిందని మనూళ్లో సంతోషపడేది ఇదే మొదటిసారప్పా!” అని ఆయన ప్రతి బేరానికీ చెప్పేవాడు. పెళ్లిళ్లు లేని ఆషాఢం వచ్చి సంఘానికి తీరిక చిక్కగానే సన్మానం నిశ్చయమైంది.

మోహన్‌కుమార్ రెండో ఇడ్లీ మీద ఉండగా పల్లవి ఫోన్ చేసింది. కార్యాలయంలో అతని సహాయకురాలు; అనంతపురం నుంచి వచ్చి హూడిలో పీజీ హాస్టల్లో ఉంటోంది.

“సార్, స్టేజీ మీద కావేరి లైవ్ లొకేషన్ చూపిద్దామని ఫిల్టర్ తీసేశాను. ఇప్పుడే ఒక పాయింట్ వచ్చింది.”

“ఎక్కడ? మద్రాసు పక్కనేనా?”

“హెబ్బగోడి, సార్.”

హెబ్బగోడి బెంగళూరు శివారు. ఆ ఫిల్టర్ మోహన్‌కుమార్ స్వహస్తాలతో రాసిన జల్లెడ. చేప నేలమీదికి రాదు కనుక, నేలమీద పడిన ప్రతి చుక్కా ఉపగ్రహం పొరపాటే కనుక, అటువంటివాటిని అది ఎవరినీ అడగకుండా చెరిపేస్తుంది. ఈ వృత్తిలో అందరూ చేసేదే.

“శాటిలైట్ తప్పమ్మా. తీసెయ్.”

“ఎన్నని తీసెయ్యను సార్? పోయిన ఆదివారం కూడా హెబ్బగోడే. అంతకు ముందూ అంతే. మధ్యలో అత్తిబెలె ట్రాఫిక్‌లో ఆగినట్టు కూడా ఉంది.”

“కావేరి హెబ్బగోడికి ఎట్లా వస్తుంది?” అని మోహన్‌కుమార్ కాస్త గట్టిగానే అన్నాడు. అని, చెయ్యి కడుక్కుని, పక్క వాకిలి నుంచి స్కూటర్ తీశాడు.

అల్లుణ్ణి సభకు తీసుకుపోదామని అప్పుడే భార్య పిల్లమ్మతో గుమ్మంలో అడుగుపెడుతున్న వెంకటగిరియప్ప చెవిన ఆ ఒక్క వాక్యం పడింది. ఆయన ముఖం విచ్చుకుంది.

“ఇన్నావా పిల్లమ్మా? సన్మానానికి తిమింగిలాన్నే తెప్పిచ్చినాడు! మనకు చెప్పకుండా! హెబ్బగోడి దాకా వచ్చేసిండాదంట!”

“అంత పెద్దదాన్ని ఎట్ల తెస్తారయ్యా? మతి ఉండాదా నీకు?”

“ట్యాంకర్లో తెస్తారు. మన బీదికి కావేరి నీళ్లు ట్యాంకర్లోనే వస్తాండాయి కదా, కావేరి రాకూడదా?”

బెంగళూరులో కాపురం చేసే ఏ ఇల్లాలూ ఈ వాదాన్ని ఖండించలేదు. వెంకటగిరియప్ప వెంటనే సంఘాధ్యక్షుడు జయరామప్పకు ఫోన్ చేశాడు. హాలులో నలభై అడుగుల చేప పట్టదు కనుక సన్మానమే హెబ్బగోడికి మారింది. శాలువ, పేటా, కుర్చీలు, మైకు ఒక వ్యానులో బయలుదేరాయి. స్టేజీ కోసం పల్లవి పంపి ఉంచిన లైవ్ లొకేషనే వాటికి దారి చూపింది. అంత మెడకు మామూలు దండ చాలదని జయరామప్ప ఆపిల్ పండ్ల హారం తెప్పించాడు. దాన్ని ఎత్తే క్రేను దాని వెంటే వచ్చింది.

హెబ్బగోడిలో ఫ్యాక్టరీ కార్మికుల అద్దెగదుల సందులో, చేపలమ్మే జరీనా అంగడి ముందు పల్లవి ల్యాప్‌టాప్ పట్టుకుని అప్పటికే నిలబడి ఉంది. వేలు చూపింది. అంగట్లో నీలం రంగు ఐసుపెట్టె. ఎత్తి నిలబెట్టిన దాని మూతకు లోపలివైపు, లాగి మూసే పిడిగా, తాడుతో సహా, ఉపగ్రహాన్ని నిశ్చలంగా ధ్యానిస్తూ, కావేరి గొట్టం.

“ఇది... ఇది మీకెక్కడిది?” అన్నాడు మోహన్‌కుమార్.

“పిడా? మా బండి తోలే చెన్నరాయప్ప కట్టిచ్చినాడు. కేరళ రేవులో ఇసకలో పడుంటే తెచ్చినాడు. తాడు గట్టిది సార్, నైలాను. చేప ఏం కావాల? బంగడా ఉండాది, అంజల్ ఉండాది.”

“ఈ పెట్టె మద్రాసుకు ఎందుకు పోయింది?”

జరీనా అతన్ని జాలిగా చూసింది. “వానాకాలం కేరళలో బోట్లు నిలిపేస్తారు కదా సార్. మరి చేపలు యాడ్నించి తెచ్చేది? బండి ఆ పక్కకు పోతాండాది.”

మోహన్‌కుమార్ కళ్లముందు శాస్త్రం ఒక్కొక్క అంగుళమే దిగిపోయింది. తెల్లవారి రేవులో మూత తెరిస్తే తీరాన చుక్క. దారిలో ఐసు సర్దడానికో హెబ్బగోడిలో చేప దించడానికో తెరిస్తే నేల మీద చుక్క, జల్లెడ దాన్ని మింగేసింది. మూత మూసిన రాత్రి ప్రయాణమంతా చలి. అగాధంతో ఏకాంతం ఈ నీలం పెట్టెలో, బంగడాల సమక్షంలో జరిగింది.

ఆ క్షణాన సందు మొదట్లో క్రేను హారను మోగింది.

ముందు జయరామప్ప, వెనక సంఘ సభ్యులు, వారి మధ్య గంజి పెట్టిన పంచెలో వెంకటగిరియప్ప. “యాడప్పా మన కావేరి? ట్యాంకరు యాడ?” అంటూ వచ్చి, అల్లుడి ముఖం చూసి ఆగాడు. క్రేను తోలేవాడు మాత్రం ఆగలేదు. చెప్పిన చోట దించడమే అతని పని. ఆపిల్ హారం గాలిలో గంభీరంగా ఊగుతూ వచ్చి జరీనా అంగడికి, ఆమె గొడుగుతో సహా, పడింది.

“ఏయ్! బేరం లేకుండా పూజేంది పొద్దున్నే?” అని లోపలి నుంచి జరీనా అరిచింది. “ముందు చేప కొనండప్పా!”

ఒక అబద్ధం మోహన్‌కుమార్‌కు చాలా దగ్గరగా వచ్చి నిలబడింది. గొట్టం నిన్ననే మద్రాసు తీరాన ఊడిపోయిందనవచ్చు. అప్పుడు గీత బతుకుతుంది, పటం గోడ మీదే ఉంటుంది, పేటా తల మీదికి వస్తుంది. పల్లవి ల్యాప్‌టాప్ మూత సగం మూసింది. ఆ మూయడంలో కొంత అనుమతి కూడా ఉంది. మామగారు అతనివైపు, పరీక్ష ఫలితం వినబోయే పిల్లవాడిలా చూస్తున్నాడు.

“ఇది చేప నుంచి ఎప్పుడో ఊడిపోయింది మామా,” అన్నాడు మోహన్‌కుమార్. “మనం చూసిందంతా చేపల బండి.”

వెంకటగిరియప్ప ఐసుపెట్టె దగ్గరికి పోయి గొట్టాన్ని వేలితో తట్టి చూశాడు. “అంటే కన్యాకుమారి చుట్టుకోని పోలేదా?”

“తెలీదు మామా.”

“ఇప్పుడు యాడుండాది?”

“అదీ తెలీదు.”

“బతికుండాదా?”

“ఉంటుంది మామా,” అన్నాడు మోహన్‌కుమార్. ఆధారం లేకుండా అతను ప్రకటించిన విషయాలలో తరువాత విచారించనిది ఇదొక్కటే.

“మంచి గీతప్పా అది,” అన్నాడు వెంకటగిరియప్ప మెల్లగా. “చానా మందికి చెప్పినా.” ఆ మాటలో నింద లేదు. ఉంటే మోహన్‌కుమార్‌కు కొంత తేలికగా ఉండేది.

జయరామప్ప గొంతు సవరించుకున్నాడు. తెచ్చిన శాలువ మడత విప్పకుండా వెనక్కి తీసుకుపోవడం సంఘానికి అశుభం. “ఇప్పుడు ఈ శాలువ ఎవరికి కప్పేదప్పా?”

“తిరిగినోడికి,” అన్నాడు వెంకటగిరియప్ప. “ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి నిజంగా పొయ్యొచ్చినోడు ఎవురు?”

బండిలో నిద్రపోతున్న చెన్నరాయప్పను లేపి తెచ్చారు. రాత్రంతా బండి తోలిన ఆ మనిషి, పోలీసులనుకుని ముందు లైసెన్సు తీశాడు. కుర్చీలో కూర్చోబెట్టి శాలువ కప్పారు. జయరామప్ప ముందే రాసుకున్న ప్రసంగాన్ని మార్చడం చేతకాక అట్లాగే చదివాడు: అలలకు వెరవక, అగాధాలకు జంకక, ఉభయ తీరాలనూ ఏకం చేసిన మహనీయుడని. చెన్నరాయప్ప ప్రతి వాక్యానికీ తల ఊపాడు. పేటా అతని తలకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మోహన్‌కుమారే. ఎందుకు కొడుతున్నాడో అతనికే తెలియలేదు. వెంకటగిరియప్ప ఒక కిలో అంజల్ కొన్నాడు. బేరమాడలేదు.

జనం ఆపిల్ పండ్లు పంచుకుంటుండగా పల్లవి ల్యాప్‌టాప్‌ను ఒక స్టూలు మీద పెట్టింది. “బండివి తీసేసి కావేరివి మాత్రం ఉంచుతాను సార్. ఎన్నో కొన్ని మిగులుతాయి కదా. పేపర్ కాకపోయినా ఒక నోట్ అయినా రాద్దాం.”

“ఐసు చలి మొదట ఎప్పుడు తగిలిందో చూడమ్మా.”

ఆమె చూసింది. ఇంకోసారి చూసింది. “వదిలిన రోజు రాత్రే, సార్. అంటే ఆ పగలే ఊడిపోయింది.”

చుక్కలన్నీ చెరిగిపోగా పటం మీద ఒక్కటి మిగిలింది. అది జాలరులు వల కోసిన చోటు, కోసిన వేళ. అప్పుడు కావేరి ఎక్కడుందో మోహన్‌కుమార్‌కు ఉపగ్రహం చెప్పనక్కరలేదు. అతని చెయ్యి దాని వీపు మీదే ఉంది.