నూనె తగలని క్యారేజీ

పొద్దున్నే నువ్వులు ఆడించి, ఎండ ముదరకముందే హోటలుకు నూనె డబ్బాలు పంపేయాలని గానుగాయన అనుకున్నాడు. అనుకున్నట్టే లేచాడు, స్నానం చేశాడు, చొక్కా తొడుక్కున్నాడు. వంటింట్లోంచి తాలింపు చప్పుడు మాత్రం రాలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయనకు గడియారంతో పని పడలేదు. ఆవాలు చిటపటలాడాయంటే కొట్టుకు బయల్దేరే వేళ అయినట్టు. గుమ్మంలో నిలబడి కాసేపు చెవి ఒగ్గి, చివరికి లోపలికి వెళ్లాడు.

భార్య వట్టి మూకుట్లో ఉల్లిపాయ ముక్కలు వేసి కలుపుతోంది. ముక్క అడుగంటబోయినప్పుడల్లా చెంచాడు నీళ్లు చిలకరిస్తోంది.

"నూనెగిన్నె ఏదే?"

"పక్కింటావిడకి ఇచ్చేశా."

"గిన్నెతో సహానా?"

"గిన్నె ఉంటే మీ చూపు దాని మీదే ఉంటుంది. నిన్న డాక్టరు చెప్పింది మీరు వినలేదు, నేను విన్నాను. నూనె వద్దు, నెయ్యి వద్దు, పాలూ పెరుగూ గుడ్డూ మాంసమూ ఏమీ వద్దు. కూరగాయలు, పప్పులు, గింజలు. మళ్లీ రక్తపరీక్ష చేసి ఒంట్లో పేరుకున్న కొవ్వు దిగిందని ఆయన చెప్పేదాకా ఇంతే."

"గానుగవాడి ఇంట్లో నూనె లేదని తెలిస్తే నలుగురూ నవ్వుతారే."

"మీకేమన్నా అయితే ఏడుస్తారు. దానికంటే నవ్వడమే నయం."

గానుగాయన చెప్పులేసుకున్నాడు. క్యారేజీ పట్టుకుని, అత్తారింటికి పంపిన పిల్లిలా నడిచి వెళ్లాడు.

గానుగ కొట్టు చిన్నదే. ఒక మోటారు, ఒక రోలు, నూనె తేరడానికి పెట్టిన పెద్ద గంగాళాలు, గోడకు చేరేసిన తెలకపిండి బస్తాలు. ఆడిన నూనెలో ముప్పాతిక భాగం హోటలు పెద్దాయనకే పోతుంది. మిగతాది సీసాలు పట్టుకొచ్చే ఆడవాళ్లకు. ఆ మధ్య ఒక ఫ్యాక్టరీ మనిషి మెరిసే డబ్బాలు చంకన పెట్టుకుని హోటలు చుట్టూ తిరుగుతున్నాడు. హోటలాయన అటు తిరిగాడంటే ఇటు మోటారు ఆగిపోతుంది. ఈ సంగతి గానుగాయన నిద్రలో కూడా మరిచిపోడు.

మధ్యాహ్నం ఎదురు కొట్టు దర్జీతో కలిసి, దర్జీ అరుగు మీద కూర్చుని తినడం అలవాటు. దర్జీకి గానుగాయన భార్య వరసకు చెల్లెలు. అందుకని ఈయన్ని బావా అంటాడు, బావ అన్నాక ఎగతాళి చెయ్యకపోతే తప్పనుకుంటాడు. ఆ రోజు క్యారేజీలో గుమ్మడికాయ, బొబ్బర్లు కలిపి వండిన కూర, టమాటా పప్పు, నిప్పుల మీద కాల్చి నలిపిన వంకాయ ఉన్నాయి. గానుగాయన దిగులుగా నములుతుంటే దర్జీ చెయ్యి చాపి ఒక ముద్ద తీసుకున్నాడు.

"చెల్లెమ్మ చెయ్యి పడితే గుమ్మడికాయ కూడా గుణం మార్చుకుంటుంది బావా," అన్నాడు.

రుచి దగ్గర ఏ గొడవా రాలేదు. గొడవ కుళాయి దగ్గర వచ్చింది. గానుగాయన గిన్నె మీద దోసెడు నీళ్లు పోశాడో లేదో, అది అద్దంలా అయిపోయింది. దర్జీ చూశాడు. కొత్తగుడ్డల మీద ఈ బావగారి జిడ్డుచేతులు ఎక్కడ పడతాయోనని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న కన్ను అది.

"అదేంటి బావా, నీ గిన్నెకి జిడ్డే లేదు?"

నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. డాక్టరు నూనె మానెయ్యమన్నాడు. కానీ ఆ ముక్క నూనె కొట్టు ముందు నిలబడి చెప్పడమెలాగ? గానుగాయన గిన్నెకు మూత పెట్టాడు.

"ఇంట్లో నూనె అయిపోయిందిలే."

అనేశాక ఆయనకే తెలిసింది, దానికంటే ఇంట్లో బావి ఎండిపోయిందని చేపతో చెప్పడం మేలని. దర్జీ నవ్వలేదు. నవ్వని దర్జీని గానుగాయన అంతకుముందు చూడలేదు.

దర్జీ చెడ్డవాడు కాదు. గానుగాయన తన నూనె తనే తినడం లేదని, జాకెట్టు కొలతలకు వచ్చిన ఒక్కావిడతోనే అన్నాడు, అదీ ఎవరికీ చెప్పొద్దని. సాయంత్రానికి ఆవిడే సీసా పట్టుకుని గానుగకు వచ్చింది. నూనె చుక్క అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసింది.

"ఏమండీ, ఈ నూనె మీరు కూడా తింటున్నారా?"

"తినక?"

"ఏం లేదు, ఊరికే అడిగా," అని, ఎప్పుడూ నిండా పోయించుకునే సీసాను సగానికి పోయించుకుని వెళ్లింది.

రెండోనాడు గానుగాయన ఉపాయం పన్నాడు. భోజనానికి లేవబోయే ముందు తలుపు చాటున నిలబడి, చేత్తో నూనె తీసి క్యారేజీ అంచులకూ మూతకూ పట్టించాడు. కూరలో పోయలేదు. ఇంట్లో ఆవిడ మాట ఉందిగదా. దర్జీ అరుగు మీద మూత తీసేసరికి క్యారేజీ చేతిలోంచి జారి, దర్జీ కుట్టి పెట్టిన తెల్లచొక్కా అంచు దాకా దొర్లి ఆగింది.

దర్జీ చొక్కా లాక్కుని క్యారేజీలోకి తొంగి చూశాడు.

"బావా, కూరేమో ఎండిపోయింది, గిన్నె చూస్తే కారుతోంది. చెల్లెమ్మ క్యారేజీని వేయించి అందులో కూర పెట్టిందా?"

ఇక లాభం లేదని మూడోనాడు కూర మీదే గరిటెడు నూనె పోశాడు. పైపొర పక్కకు తోసి, అడుగున ఉన్నది తిన్నాడు. దర్జీ ఆ పూట ఏమీ అనలేదు. కానీ గిన్నె ఇప్పుడు నిజంగానే జిడ్డయింది. ఇంటికి అలా తీసుకెళ్తే భార్య ఊరుకోదు. అందుకని సబ్బు కొని, కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, గిన్నెను వాసన పోయేదాకా తోమాడు. బట్టలకు కూడా అంత సబ్బు పెట్టి ఎరగడు.

ఆ తర్వాత రోజూ ఇదే వరస, బజారు అంతా చూసింది. ఈయన తినబోయే ముందు నూనె పోసుకుంటున్నాడు, తినగానే సబ్బుతో కడిగేసుకుంటున్నాడు. చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? "తన నూనెను తనే గంటసేపు భరించలేకపోతున్నాట్ట," అని ఒకరన్నారు. "మరి మనం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాం," అని ఇంకొకరన్నారు. గోరంత కొండంతయింది. సీసాలు తగ్గాయి. హోటలు నుంచి కబురు వచ్చింది: రేపు మధ్యాహ్నం పెద్దాయనే స్వయంగా వస్తున్నాడు, గానుగాయన క్యారేజీలో ఒక ముద్ద తిని, ఆ తర్వాత డబ్బాల సంగతి మాట్లాడతాడు.

ఇంట్లో వేరే కథ నడుస్తోంది. క్యారేజీ విప్పి భార్య వాసన చూసింది. మల్లెపూల సబ్బు వాసన.

"ఇన్నేళ్ల కాపురంలో మీరు తిన్న కంచం జరిపి ఎరగరు. ఇప్పుడు క్యారేజీ తోముకొస్తున్నారు."

"నీకు సాయంగా ఉంటుందని..."

"నాకా, ఇంకెవరికైనానా? అక్కడ మీకు ఎవరు పెడుతున్నారు? ఏం పెడుతున్నారు?"

"ఎవరూ పెట్టడం లేదే తల్లీ! అది సరే గానీ, రేపు ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, కూరలో కాస్త నూనె..."

"మీ ఒంట్లో ఉన్నది చాలక?" అందావిడ. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఆలోచిస్తున్నట్టు. గానుగాయనకు ఆ రాత్రి పక్క కుదరలేదు.

మర్నాడు హోటలు పెద్దాయన చెప్పిన వేళకే వచ్చాడు. గిన్నెలు కడిగే పని నుంచి మొదలుపెట్టి హోటలు పెట్టినవాడు. మాట తక్కువ, ముక్కు పదును. దర్జీ అరుగు మీద కూర్చుంటే బల్ల కిర్రుమంది. చుట్టూ సీసాలు లేకుండా వచ్చిన ఆడవాళ్లు, పని లేకుండా వచ్చిన మగవాళ్లు నిలబడ్డారు. ఆ వేళ బజారులో అందరికీ దర్జీతోనే పని పడింది.

గానుగాయన మూత తీశాడు. బీన్స్ కూర నూనెలో తేలుతోంది. ఆందోళనలో గరిటె కొలత తప్పింది.

పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. "పచ్చినూనె. ఉడికిన కూర మీద పోశారు. ఇలా ఎవరు వండారోయ్?"

"ఎవరు పోశారు నూనె?" అన్న గొంతు జనం వెనక నుంచి వచ్చింది. మనుషులు తప్పుకున్నారు. గానుగాయన భార్య. చేతిలో ఇంకో క్యారేజీ.

"నువ్వా? నువ్వెందుకొచ్చావే?"

"మీరు కడుపునిండా ఎక్కడో తింటున్నారని అనుమానమొచ్చింది. ఇది కూడా తినిపించి చూద్దామని తెచ్చా. నిండిన కడుపైతే పట్టదు కదా." ఆవిడ హోటలాయన వైపు తిరిగింది. "నేను పొయ్యలేదు బాబాయ్‌గారూ. మా ఇంట్లో చుక్క నూనె ఉండదు."

దర్జీ మిషను ఆగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో క్యారేజీ. గానుగాయన ఎటూ దూకలేక, ఉన్నది ఉన్నట్టు కక్కేశాడు.

"రక్తంలో కొవ్వు పేరుకుందని డాక్టరు నూనె మానెయ్యమన్నాడు బాబాయ్. నూనె అమ్మేవాణ్ణి ఆ మాట ఎలా చెప్పను? మీకోసం పోసుకున్నాను, దీనికోసం కడుక్కున్నాను. అంతే."

"అయితే ఇన్నాళ్లూ నూనె తిన్నారా?" అంది భార్య. ఆవిడ గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

"లేదే. ఒట్టు. పైన ఉన్నది తోసేసి అడుగుది తిన్నాను."

"పైన పోసిన నూనె అడుక్కి దిగదా?"

గానుగ నడిపే మనిషికి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. జనం నవ్వారు. దర్జీ మిషను మీద తల ఆనించి మరీ నవ్వాడు.

హోటలాయన మాత్రం నవ్వలేదు. "ఆ క్యారేజీ ఇలా తే అమ్మాయ్," అన్నాడు. తిన్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు.

"ఉల్లిపాయ ఎర్రగా వేగింది. నూనె లేకుండా ఎలా?"

"వట్టి మూకుడు బాగా కాలాలి బాబాయ్‌గారూ. ముక్క అంటుకోబోతుంటే నీళ్లు చిలకరించాలి. అంటుకున్న రంగంతా ఆ నీళ్లలో దిగి మళ్లీ ముక్కకే పడుతుంది. నువ్వులు వేయించి పొడి చేసి చివర్లో చల్లాను. తొందరపడకూడదు, అంతే."

ఆయన ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. చేతికి జిడ్డు అంటకపోవడం చూసుకుని, గానుగాయన వైపు తిరిగాడు.

"అంటే, నీ గానుగలో ఆడిన నూనె నువ్వు చుక్క కూడా తినవు?"

"తినను," అన్నాడు గానుగాయన, కొట్టు తాళాలు అప్పజెప్పేవాడిలా.

"ఇంటికీ తీసుకెళ్లవు?"

"గుమ్మం దాటనివ్వదు."

పెద్దాయన జనం వైపు చూశాడు. "ఏళ్ల తరబడి నాకు ఒకటే అనుమానం. పైన తేరిన తేటనూనె వీడు ఇంటికి దాచుకుని, అడుగు మడ్డి కలిసింది మనకు పోస్తున్నాడని. ఏ గానుగవాడైనా చేసే పనే. ఇప్పుడు ఇంట్లో తినేవాడే లేడు. ఇక తేట ఎక్కడికి పోతుంది?" లేచి నిలబడ్డాడు. బల్ల మళ్లీ కిర్రుమంది. "ఆ ఫ్యాక్టరీవాడు వాడి డబ్బాల్లోది తింటాడో మానతాడో నాకేం తెలుసు? నువ్వు మానావని కళ్లారా చూశాను. రేపటి నుంచి రెట్టింపు పంపు."

చెడ్డమాట బజారు దాటడానికి కొన్నాళ్లు పట్టింది గానీ, ఈ మాట ఆ పూటే దాటింది. ఆడవాళ్లు సీసాలకు బదులు బిందెలు తెచ్చారు. వచ్చినవాళ్లు ముందు నూనె చూడడం మానేసి గానుగాయన క్యారేజీ చూడడం మొదలుపెట్టారు. దర్జీ తనను తానే తనిఖీ అధికారిగా వేసుకున్నాడు. భోజనం కాగానే గిన్నెను ఎండకు పట్టి, "చూసుకోండమ్మా, వేలిముద్ర పడదు," అని చూపించేవాడు. గానుగాయన సన్నబడ్డాడు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. కాల్చిన వంకాయ మీద ఇష్టం కూడా పుట్టింది గానీ, పైకి ఒప్పుకోలేదు.

డాక్టరు మళ్లీ రక్తం తీసి చూశాడు. కొవ్వు దిగిందన్నాడు. అలాగే ఉండండి, కావాలంటే కూరలో ఒక చెంచా నూనె వేసుకోవచ్చు, తప్పులేదన్నాడు. గానుగాయన ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. భార్య కూడా కరిగింది. మర్నాడు బీరకాయ కూరలో తానే చెంచాడు నూనె వేసి, "మీ మొహం చూసి వేశాను," అంది.

మధ్యాహ్నం దాకా గానుగాయనకు పని మీద మనసు నిలవలేదు. దర్జీ అరుగు మీద కూర్చుని మూత తీశాడు. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు. దర్జీ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇదేంటి బావా, మెరుస్తోంది?"

"డాక్టరు వేసుకోమన్నాడు. ఒక్క చెంచా."

"మెల్లగా అను." దర్జీ వీధి వైపు కళ్లతో చూపించాడు. గానుగ ముందు బిందెలు వరసగా ఉన్నాయి. వరసలో ఆడవాళ్లందరి మొహాలూ ఇటే ఉన్నాయి. పెద్దాయన డబ్బాల బండి మలుపు తిరుగుతోంది.

"పోనీ రాత్రి ఇంట్లో తింటాలే."

"మీ పక్కింటావిడ నిన్ననే బిందె నింపుకెళ్లింది. వేగిన వాసనకి గోడలు అడ్డమా బావా?"

గానుగాయన ముద్దను గిన్నెలో వదిలి, మూత పెట్టాడు.

డాక్టరు ఒప్పుకున్నాడు గానీ, బజారు ఒప్పుకోలేదు.